బంతిపూల అక్షరాలు

పేరిశాస్త్రి గారిని ఏదైనా ప్రశ్న అడిగితే, కూర్చున్నచోట జవాబు చెప్పే అలవాటు లేదు. కండువా భుజాన వేసుకుని "పద" అంటారు. ఆయన దగ్గర ఉపన్యాసం నేర్చుకున్న మాకందరికీ ముందు నొప్పి పుట్టింది కాళ్లకే.

ఆ ఆషాఢంలో సూరపరాజు వచ్చాడు. ఒకప్పుడు నాతోపాటే నేర్చుకున్నవాడు, ఇప్పుడు మా కాలువ నీటిసంఘానికి అధ్యక్షుడు. మర్నాడు ఇంజినీరు సోమయాజులు గారి ఇరవయ్యో వర్ధంతి. మా కాలువ తవ్వించిన మహానుభావుడాయన. "గురువుగారూ, ఆయన మాటల్లో ఏది చెబితే సభ కదిలిపోతుందంటారు?" అని అడిగాడు. శాస్త్రిగారు కండువా అందుకున్నారు. నేనూ వెంట నడిచాను.

లాకుల దగ్గర షామియానా వేస్తున్నారు. బంతిపూలతో ఇంతలేసి అక్షరాలు కట్టారు, సోమయాజులు గారి మాటే: "శివారు చేను తడిస్తేనే కాలువ పారినట్టు." గేటుకి ఎగువన నీళ్లు నిండుగా నిలబడి ఉన్నాయి, దిగువన మట్టి బీటలు వారింది. నాలుగు రోజులుగా తాళం. ఎందుకయ్యా అంటే, వర్ధంతి నాడు ఎమ్మెల్యే గారు స్వహస్తాలతో గేటెత్తి ఫొటో దిగాలట! ఇంత సిగ్గుమాలిన పని నా జన్మలో చూడలేదు.

కాలువ చిట్టచివరి శివారు ఊరి నుంచి నడిచొచ్చిన నూకరత్నం, గేటు చూసే లస్కరుని బతిమాలుతోంది. ఆమె చేతిలో పసుపుబారిన నారు.

"ఇయ్యాల ఒదిల్తేనే కదండీ రేపు సందేళకి మా ఊరు చేరేది? ఆకుమడి ఎండిపోతంది. మళ్లీ ఇత్తనాలు నేనెక్కణ్ణించి తెచ్చేదండీ?"

"నన్నడిగితే ఏం లాభమమ్మా? తాళంచెవి అధ్యక్షులవారి దగ్గరుంది," అన్నాడు లస్కరు.

సూరపరాజు గొంతు సవరించుకున్నాడు. "ఒక్క రోజు ఓర్చుకోమ్మా. మహానుభావుడి పేరున వదిలే నీళ్లు." ఎంత తియ్యగా అన్నాడో! నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగు రోజులు ఎండబెట్టి ఒక్క రోజంటాడా?

నూకరత్నం పూల అక్షరాలకేసి చూసింది. "నాకు సదువు రాదండి. ఆ బాబుగారు ఏం సెప్పారో కాస్త సదివి పెట్టండి."

సూరపరాజు చదివాడు. సభల్లో గణగణలాడే గొంతు కాస్తా నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది.

"అయితే మాది శివారు కాదాండీ?" అంది ఆమె.

షామియానా కడుతున్నవాళ్లు కూడా చేతిలో తాళ్లు పట్టుకుని ఇటే చూస్తున్నారు. సూరపరాజు జేబులోంచి తాళంచెవి తీశాడు. తీసి, లస్కరుకి ఇవ్వకుండా గురువుగారి ముఖంలోకి చూశాడు.

"రేపు ఎమ్మెల్యే గారొచ్చి అడిగితే ఏం చెప్పమంటారు?"

"తద్దినం ఇవాళే పెట్టేశామని చెప్పు," అన్నారు శాస్త్రిగారు.