చిన్నదొర కుస్తీ

బొమ్మగిరి రాజు రాఘవభూపతికి ఒకరోజు భోజనం ముగించి చెయ్యి కడుక్కుంటుండగా ఉన్నట్టుండి ఒక కోరిక పుట్టింది.

"ఈ దసరా పోటీల్లో మన సింగన్న కుస్తీ పట్టాలి!"

సింగన్న ఆయనకు ఒక్కగానొక్క కొడుకు. ఎనిమిదేళ్ళవాడు. కుస్తీ నేర్పే గరిడీలో అడుగుపెట్టి పట్టుమని నెల కాలేదు. పోటీలేమో వాడి మేనమామ కోటలో. అక్కడి పిల్లలు నడక రాకముందే గోదా మట్టిలో దొర్లిన రకం. ఒక్కొక్కడూ రోకలిబండలా ఉంటాడు.

రాజుకు తాంబూలం అందిస్తున్న అడపకత్తె చెంగల్వ గుండె గుభేలుమంది. తన చేతుల మీదుగా పెరిగిన పిల్లవాడాయె! ఎవడైనా ఎత్తి కుదేస్తే ఏం గాను?

రాజు వెంటనే గరిడీ పెద్ద వీరజెట్టిని పిలిపించాడు. వీరజెట్టి ఎక్కడికి వచ్చినా ముందు మీసాలు వచ్చేవి, ఆ వెనక ఆయన వచ్చేవాడు.

"ఏం జెట్టీ, మావాడు పోటీకి సిద్ధమేనా?"

"ఎంత మాట ప్రభూ! గరిడీలో యువరాజు చిత్తు చెయ్యని మగాడు లేడు. నిన్నటికి నిన్న నన్నే పడగొట్టారు!"

చెంగల్వ కిసుక్కుమంది.

"ఎందుకే ఆ నవ్వు?" అన్నాడు రాజు.

"నవ్వు కాదు ప్రభూ, వక్కపలుకు అడ్డం పడింది."

"ఆకులకు సున్నం రాసుకునే మనిషికి కుస్తీ గొడవెందుకు లెండి," అన్నాడు వీరజెట్టి, మీసం దువ్వుతూ.

రాజుకు పట్టుదల వచ్చింది. "లేదు, చెప్పాల్సిందే. మావాడు సిద్ధమా, కాదా? తప్పు చెప్పావో, రేపటి నుంచి ఆ తాంబూలపు అడపం ఇంకొకరు పట్టుకుంటారు!"

కాదంటే రాజుకు కోపం. అవునంటే పిల్లవాడి ఎముకలకు ముప్పు. చెంగల్వ క్షణం ఆలోచించింది.

"ఒక్కసారి కళ్ళారా చూసి చెబుతాను ప్రభూ."

మర్నాడు పొద్దున్నే రాజు, రాణి, కొలువులోని పెద్దలూ గరిడీకి తరలివచ్చారు. సింగన్న తొడ చరుచుకుంటూ గోదాలోకి దూకాడు.

పిల్లవాడు మొదటి జెట్టి బొటనవేలు పట్టుకున్నాడో లేదో, ఆ జెట్టి దబ్బున పడ్డాడు. రెండోవాడు, సింగన్న ఇంకా గోచీ బిగించుకుంటుండగానే పడ్డాడు. మూడోవాడు పడటమే కాక, భక్తి కొద్దీ ఇంకో రెండు పొర్లింతలు పొర్లాడు. ఆఖరున వీరజెట్టి దిగాడు. సింగన్న ఆయన మోకాలిని కావలించుకోగానే "అబ్బో! ఏం పట్టు! ఏం పట్టు!" అంటూ వెల్లకిలా పడిపోయాడు.

రాణి చప్పట్లు కొట్టింది. రాజు ఉప్పొంగిపోయి, "చూశావా?" అన్నాడు.

చెంగల్వ లెంపలు వేసుకుంది. "చూశాను ప్రభూ. నాదే పొరపాటు. ఇంతటి మల్లుణ్ణి పిల్లల పోటీకి పంపడం మహాపాపం!"

"మరి?"

"పెద్దల పోటీలో అక్కడి కొండజెట్టితో ఏటా మన వీరజెట్టిగారు తలపడతారు. ఆయన్నే పడగొట్టిన చిన్నదొర ఉండగా ఇంకా ఆయనెందుకు? ఈసారి కొండజెట్టి మీదికి చిన్నదొరనే దింపండి."

"భేష్! ఆ మాట నాకు తట్టనేలేదు. ఇప్పుడే కబురు పంపించండి!" అన్నాడు రాజు.

వీరజెట్టి గతుక్కుమన్నాడు. "మరి... నేనో?"

"మీరు పిల్లల పోటీలో దిగండి జెట్టిగారూ!" అంది చెంగల్వ. "ఎనిమిదేళ్ళవాడి చేతిలో ఓడారు కనక, ఏడేళ్ళవాళ్ళలో మీకు జోడీ వెతుకుతాం."

గరిడీ అంతా గొల్లున నవ్వింది. వీరజెట్టికి మాత్రం ముచ్చెమటలు పోశాయి. కొండజెట్టి చేతుల్లో యువరాజు, ఆ తరవాత రాజుగారి చేతుల్లో తన మెడ, రెండూ కళ్ళకు కట్టినట్టు కనిపించాయి. రాజు కాళ్ళ మీద పడ్డాడు.

"క్షమించండి ప్రభూ! నేను కావాలనే పడ్డాను!"

"మరి మిగతావాళ్ళు?"

"వాళ్ళూ అంతే. యువరాజును పడెయ్యడానికి ఎవరికి గుండెలున్నాయి ప్రభూ?"

సింగన్న కింది పెదవి వణికింది. అది చూసి చెంగల్వకు ప్రాణం చివుక్కుమంది. పసివాడి మనసు విరిచేశానా అనుకుంది.

సింగన్న ముంజేత్తో ముక్కు తుడుచుకున్నాడు.

"అయితే నిజం కుస్తీ ఎలా ఉంటుంది గురువుగారూ? నన్నొకసారి పడెయ్యండి!"

వీరజెట్టి రాజుకేసి చూశాడు. రాజు కుర్చీ అంచుకు జరిగి, "ఊఁ... మెల్లగా," అన్నాడు.

వీరజెట్టి పిల్లవాణ్ణి నడుం పట్టి పైకెత్తి, గాలిలో తిప్పి, మెత్తటి మట్టిలో దభీమని వేశాడు. రాణి కెవ్వుమంది. దుమ్ము లేచింది. ఆ దుమ్ములోంచి కిలకిలా నవ్వు వినిపించింది.

"అబ్బ, ఎంత బాగుందో! మళ్ళీ! మళ్ళీ పడెయ్యండి!"

చెంగల్వ ఊపిరి పీల్చుకుంది.

"ఇప్పుడు చెప్పవే," అన్నాడు రాజు వగరుస్తూ. "మావాడు పోటీకి సిద్ధమెప్పుడు?"

"చిన్నదొరకు సాము ఇవాళే మొదలైంది ప్రభూ. నాలుగు పట్లు నేర్చి, తన ఈడు పిల్లలతో గెలిచీ ఓడీ, ఓడినప్పుడు కూడా ఇలాగే నవ్వితే, పైయేటికి నిశ్చింతగా పంపవచ్చు. చిన్నదొరతో ఏ చిక్కూ లేదు. చిక్కల్లా ఇంకొకరితోనే."

"ఎవరితో?"

"తమరితోనే ప్రభూ! బిడ్డ కింద పడితే తమరు కుర్చీలో కూర్చోగలగాలి కదా!"

రాజు అప్పుడు తనకేసి చూసుకున్నాడు. తను గోదా నడిమధ్యన ఉన్నాడు. కాళ్ళు చీలమండల దాకా మట్టిలో ఉన్నాయి. తలపాగా ఎక్కడో దొర్లుతోంది. కుడిచేతిలో వీరజెట్టి చెవి ఎర్రగా నలుగుతోంది.

ముందు రాణి నవ్వింది. ఆ వెనక కొలువంతా నవ్వింది. రాజు చెవి వదిలేసి, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వి, మెడలోని ముత్యాల హారం తీసి చెంగల్వ చేతిలో పెట్టాడు.

"నాన్నగారూ, కాస్త పక్కకు జరగండి!" అన్నాడు సింగన్న, మళ్ళీ తొడ చరుచుకుంటూ.