రత్నం వంతు

నూకరత్నానికి ఒకటే బెంగ. తను రాసిన మార్పుకి మాస్టారు ఇంకా ఊఁ కొట్టలేదు.

ఊఁ కొట్టడం అంటే ఏమిటో ముందు చెప్పుకోవాలి. భీమిలిలో సముద్రానికి ఎదురుగా ఒక పాత మేడ ఉంది. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన గవర్రాజు మాస్టారు, ఆయన్ని వెతుక్కుంటూ వచ్చి చేరిన కొంతమంది కుర్రకారు, అక్కడ కూర్చుని చేపల వేటకెళ్లే బోట్ల కోసం ఒక చిన్న పెట్టె తయారు చేస్తారు. బోటు ఎక్కడుందో ఒడ్డుకి చెప్పడం, ఒక బోటు మాట ఇంకో బోటుకి అందించడం, ఉపగ్రహం నుంచి వచ్చిన సమాచారంతో వాతావరణ పటం గీసి చూపించడం, అన్నీ ఆ పెట్టె పనే. దాని లోపల నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ కూడా వాళ్లు రాసుకున్నదే. అందులో ఏ పని ముందో ఏ పని వెనకో తేల్చే భాగాన్ని లోకమంతా షెడ్యూలర్ అంటుంది. ఆ మేడలో మాత్రం దాన్ని వంతుల భాగం అంటారు.

కోడ్‌లో ఇంకెక్కడ వేలుపెట్టినా తోటివాళ్లు ఒకరు చూసి సరేనంటే సరిపోతుంది. వంతుల భాగం జోలికి వెళ్తే మాత్రం వేరే ఆచారం. రాసినవాళ్లు మాస్టారి ఎదురుగా చాప మీద కూర్చుని, మార్చిన ప్రతి వరుసనీ పైకి చదివి, ఎందుకు మార్చారో చెప్పాలి. ఆయన కళ్లు మూసుకుని, కథ వింటున్నట్టు, వరుస వరుసకీ ఊఁ కొడతారు. ఊఁ ఆగిన చోట మార్పు ఆగిపోయినట్టే. అదీ దీపాలు పెట్టేలోగా ముగియాలి. దీపం అంటే గోడకున్న ట్యూబులైటేలెండి. అది వెలిగాక వంతుల భాగాన్ని ముట్టుకోకూడదని, అలిసిన కళ్లతో ఒకరి వంతు ఇంకొకరికి ఇవ్వకూడదని ఆయన పట్టుదల.

రత్నం పట్టుదలా తక్కువది కాదు. వాళ్ల అన్న తాతారావు వేటకెళ్తాడు. ఆ పెట్టె మీద అతనికి ఉన్నది ఒకటే ఫిర్యాదు. అది పటం గీయడం మొదలుపెట్టిందంటే, పక్క బోటుకి చెప్పాల్సిన మాట అది పూర్తయ్యేదాకా లోపలే ఉండిపోతుంది. ముందొచ్చిన పని ముందు చేయడం దాని పద్ధతి మరి. "ఏటమ్మీ, ఈపాలైనా మీ పెట్టె తొరగా పలుకుతాదా?" అని అతను అడిగినప్పుడల్లా రత్నానికి తలకొట్టేసినట్టయ్యేది.

అందుకని నెలల తరబడి కూర్చుని పద్ధతినే మార్చేసింది. చిన్న పని ముందు, పెద్ద పని తర్వాత. పెద్ద పని నడుస్తుండగా చిన్నది వస్తే పెద్దది తప్పుకోవాలి. నడిపి చూస్తే తనకే ఆశ్చర్యమేసింది. సగటున ఒక పని ఎదురుచూసే సమయం సగానికి సగం పడిపోయింది. మాటలు ఇలా అంటే అలా వెళ్లిపోతున్నాయి. పటం కూడా, బోట్లు కాసేపు నోరు మూసుకోగానే, చక్కగా వస్తోంది.

ఆ మార్పుని ముందుగా చూసినవాడు ఇర్ఫాన్. రత్నంతో పాటే అక్కడ చేరినవాడు, నెమ్మదస్తుడు. అంతా చదివి, కింద ఒక్క ప్రశ్న రాశాడు: పటం గీసే పనికి వంతు ఎప్పుడొస్తుంది?

రత్నం దాని కింద జవాబు రాసింది. "ఖాళీ దొరికినప్పుడు. ఖాళీ ఎప్పుడూ దొరుకుతుంది."

అందులో కాస్త చిరాకుంది, కాస్త గర్వమూ ఉంది. ఇర్ఫాన్ మళ్లీ అడగలేదు.

ఏటా ఉండే చేపల వేట నిషేధం ఆ రోజుతో ముగుస్తుంది. తెల్లవారితే పెట్టెలు బోట్లకెక్కిపోతాయి. ఈ రోజు దీపాల వేళలోగా మాస్టారు ఊఁ కొడితే రత్నం రాసింది అన్న బోటులో ఉంటుంది. కొట్టకపోతే పాత పద్ధతితోనే ఇంకో ఏడాది. అందుకే ఆ పొద్దున్న ఎవరూ రాకముందే వచ్చి, చాప పరుచుకుని కూర్చుంది.

మాస్టారు వచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఆమె మొదటి వరుస చదవబోయింది. అంతలో అక్కడే పనిచేసే కామేశ్వరి గుమ్మంలో నిలబడి, ఒక చిన్న సంగతి అడగాలంది.

"ఎంతసేపమ్మా?" అన్నారు మాస్టారు.

"రెండు నిమిషాలండీ."

ఆయన రత్నం వైపు తిరిగారు. "నీ పని ఎంతసేపు?"

"గంట పైనే పడుతుందండీ."

"అయితే ముందు కామేశ్వరిది కానీ."

రత్నం సరేనంది. రెండు నిమిషాలే కదా. కామేశ్వరి వెళ్తుండగా ఇంకొకరు వచ్చారు. మాస్టారు అదే ప్రశ్న వాళ్లనీ అడిగారు, రత్నాన్నీ అడిగారు. వాళ్లది చిన్నదే. వాళ్ల తర్వాత తాళంచెవి కోసం ఒకరు. మధ్యలో కాస్త ఖాళీ దొరికి రత్నం నాలుగు వరుసలు చదివింది. ఊఁ, ఊఁ అని వినిపిస్తుంటే ప్రాణం లేచొచ్చింది. ఐదో వరుస నోట్లో ఉండగానే పక్కింటాయన తన ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేయించుకోవడానికి వచ్చాడు. ఆయనకీ రత్నం కంటే ముందే వంతు దొరికింది.

భోజనాలవేళ అందరూ లేచారు. రత్నం లేవలేదు. లేస్తే ఉన్న ఈ కాస్త చోటు కూడా పోతుందని భయం. కడుపులో ఆకలి, ఒంట్లో కోపం రెండూ సమానంగానే ఉన్నాయి. మెట్ల మీద వెళ్లేవాళ్ల మాటలు చెవిన పడుతున్నాయి. ఈ రోజు మాస్టారి దగ్గర పని ఇట్టే అయిపోతోందనీ, రోజూ ఇలా ఉంటే ఎంత బావుణ్ణనీ అనుకుంటున్నారు. నిజమే. చాప మీద కూర్చున్న ఒక్క మనిషిని తప్పిస్తే, ఆ మేడలో ఎవరికీ ఎదురుచూపన్నదే లేదు.

మధ్యాహ్నం ఎండ గుమ్మం దిగాక ఆమె ఉండబట్టలేకపోయింది. ఆయన తన మీద ఏదో మనసులో పెట్టుకుని ఇలా చేస్తున్నారనిపించింది.

"మాస్టారూ, నా వంతు ఎప్పుడొస్తుందండీ?"

ఆయన తాపీగా చెప్పారు. "ఖాళీ దొరికినప్పుడమ్మా. ఖాళీ ఎప్పుడూ దొరుకుతుంది."

ఇంకెవరో వచ్చారు. ఆయన వాళ్ల వైపు తిరిగారు.

రత్నం మొహం జేవురించింది. తన మాటే, అక్షరం పొల్లుపోకుండా. ముందు సిగ్గేసింది. మాస్టారి మీద ఒళ్లు మండింది. ఆ రెండూ కాస్త చల్లారాక, అప్పుడేసింది అసలు భయం.

కిటికీలోంచి సముద్రం కనిపిస్తోంది. ప్రశాంతంగా ఉంది. ఇలాంటి రోజుల్లోనే కదా తను అన్ని పరీక్షలూ చేసింది. గాలి రేగిన రోజున బోట్లు నోరు మూసుకుంటాయా? ఎక్కడున్నావంటే ఎక్కడున్నావని ప్రతి బోటూ అరుస్తుంది. అన్నీ చిన్న మాటలే. ఒకదాని వెనక ఒకటి, తెరిపి లేకుండా. పటం గీసే పని ఒక మూల చాప పరుచుకుని కూర్చుంటుంది. తాతారావు ఖాళీ తెరవైపు చూస్తూ, చెల్లెలు చేసిన పెట్టె కదా, ఇప్పుడే చూపిస్తుందిలే అనుకుంటాడు.

ఆమె చాప మీంచి లేవలేదు. ల్యాప్‌టాప్ ఒళ్లోకి లాక్కుంది. ఇర్ఫాన్‌ని పిలిచి, పరీక్ష కోసం పెట్టుకున్న పెట్టె తెచ్చి పక్కన పెట్టమంది. తుఫాను రోజు ఎలా ఉంటుందో అలా, దాని మీద చిన్న చిన్న మాటలు కురిపించమంది. అతను వెంటనే కురిపించాడు.

మాటలన్నీ రివ్వున వెళ్లాయి. తెర తెల్లగానే ఉండిపోయింది. ఇద్దరూ చాలాసేపు చూశారు. పటం రాలేదు.

"నువ్వు అడిగింది ఇదే కదా," అంది రత్నం.

ఇర్ఫాన్ తలూపాడు. "ఇంకా టైముంది. రాయి," అన్నాడు.

ఆమె రాయడం మొదలుపెట్టింది. పక్కన మాస్టారు వచ్చేవాళ్లతో మాట్లాడుతూనే ఉన్నారు, వంతు ఆమెకి రాకుండా వాళ్లకి పోతూనే ఉంది. ఇప్పుడు ఆ సంగతి ఆమె పట్టించుకోవడం లేదు. ఎలా ఎదురుచూడాలో పెట్టెకి నేర్పాలంటే పొద్దుట్నుంచీ తనకి జరిగిందే తలుచుకుంటే సరిపోయింది. ఆగిన ప్రతి పనీ తను ఎంతసేపు ఆగిందో గుర్తుపెట్టుకోవాలి. ఆగేకొద్దీ దాని మాటకి బరువు పెరగాలి. ఒక హద్దు దాటాక ఎంత చిన్న పనైనా సరే, దాన్ని దాటి వెళ్లడానికి వీల్లేదు.

రాసిన వరుసలు కొన్నే. వాటిని ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకుంది. ఒక తప్పు దొరికితే దిద్దింది. మళ్లీ తుఫాను కురిపించమంది. ఈసారి మాటలు అక్కడక్కడ ఒక క్షణం తడబడ్డాయి. తెర మీద తీరం గీత మెల్లగా దిగింది, దాని పక్కన సుడి తిరుగుతున్న గాలి దిగింది. ఇర్ఫాన్ మళ్లీ మళ్లీ కురిపించాడు. ప్రతిసారీ పటం వచ్చింది.

సగటు మాత్రం నిన్నటంత అందంగా లేదు. రత్నం ఆ సంగతి మార్పు పైనే, అందరికీ కనబడేలా రాసింది. ఇర్ఫాన్ ప్రశ్న కింద తను పెట్టిన పాత జవాబుని చెరిపేద్దామా అని ఒకసారి అనిపించింది. ఉండనిచ్చింది. దాని కింద, నేను పొరబడ్డాను అని చేర్చింది.

తలెత్తి చూసేసరికి గదిలో వెలుగు పల్చబడింది. పెట్టెల మీద అంటించే చీటీ మాస్టారికి చూపించాలని ఇర్ఫాన్‌కి అప్పుడు గుర్తొచ్చింది. మొహమాటంగా ముందుకొచ్చాడు.

"ఎంతసేపు?" అన్నారు మాస్టారు.

"ఒక్క నిమిషం అండీ."

ఆయన రత్నం వైపు తిరిగారు. పొద్దున అడిగినట్టే అడిగారు. "నీ పని ఎంతసేపు?"

రత్నం వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంది.

"పని ఎంతసేపని అడక్కండి మాస్టారూ. ఎప్పట్నుంచి కూర్చున్నానో అడగండి."

మాస్టారు అలాగే అడిగారు.

"ఎప్పట్నుంచి?"

"పొద్దున్నుంచండీ."

మాస్టారు ఇర్ఫాన్‌ని కూర్చోమన్నారు. గోడకి చేరగిలబడి కళ్లు మూసుకున్నారు. "చదువమ్మా," అన్నారు.

ఆమె మొదటి వరుస నుంచీ మళ్లీ మొదలుపెట్టింది. ఊఁ. రెండోది. ఊఁ. ఈసారి గుమ్మంలోకి ఎవరైనా వస్తే ఇర్ఫానే చేత్తో ఆపుతున్నాడు. బయట బీచ్ రోడ్డు మీద లైట్లు ఒక్కొక్కటే వెలిగాయి. గదిలో మనుషులు నీడల్లా మిగిలారు. రత్నం మాత్రం తొందరపడలేదు.

చదవడానికి కష్టంగా ఉంటుందని కాబోలు, కామేశ్వరి లోపలికొచ్చి స్విచ్ మీద చెయ్యి వేసింది.

"ఉండనీ అమ్మా," అన్నారు మాస్టారు కళ్లు తెరవకుండానే. "ఇంకా దీపాల వేళ కాలేదు."

కామేశ్వరి కిటికీలోంచి బయటికి చూసింది, మాస్టారి వైపు చూసింది, చెయ్యి తీసేసింది.

తెర వెలుగులో రత్నం చదువుతూ పోయింది. ఆ మధ్యాహ్నం రాసిన వరుసలు వచ్చాయి. వాటి దగ్గర ఆమె ఇంకా నెమ్మదించి, ఎందుకు రాసిందో ఒక్కొక్కటే చెప్పింది. ఆఖరి వరుస చదివి ఆగింది.

అప్పటికి గది పూర్తిగా చీకటైపోయింది. ఆ చీకట్లోంచి, తాపీగా, వినిపించింది.

"ఊఁ."