ఎలుగు ఎదమీది గీత

ఆర్నెల్లుగా మారెక్క తీసిన ఫొటోల్లో ఒక్కదాంట్లో కూడా ఎలుగుబంటి మొహం లేదు.

అన్నీ వీపులే. పొదల్లోకి పోతున్న వీపు, బండ దిగుతున్న వీపు, పుట్ట తవ్వుతూ వంగిన వీపు. రేంజరు కంప్యూటర్లో ఒక్కొక్కటే జరుపుతూ చూశాడు. "ఏమ్మా, ఇవి మనల్ని చూసి పారిపోతాండాయా, లేకపోతే మనమే..." అని మధ్యలో ఆపేశాడు. మారెక్క తల వంచుకుంది.

జాలికొండ మీది ఎలుగుల లెక్క తేల్చడం ఆమె పని. అటవీశాఖలో కాంట్రాక్టు ఉద్యోగం. ప్రతి ఎలుగుకీ ఎదమీద తెల్లటి గీత ఉంటుంది, కొమ్ములు పైకెత్తిన నెలవంకలాగా. ఏ రెండింటికీ ఆ గీత ఒకే తీరున ఉండదు. దాన్ని బట్టే ఏది ఏదో గుర్తుపట్టాలి. కానీ గీత కనపడాలంటే ఎలుగు మనవైపు తిరిగి ఉండాలి.

కొండమీద పెద్దవి రెండున్నాయి. ఉత్తరపు గుహలో ఒకటి. దక్షిణపు గుహలో ఇంకొకటి, అది పిల్లల తల్లి. పోయిన వారం వాటిలో ఏదో ఒకటి వేరుశనగ చేలో కాపలా ఉన్న రైతు మీద పడింది. అతను బతికాడు. ఆస్పత్రి మంచం మీద ఒక్క మాట చెప్పాడు.

"దాని ఎదమీద గీత సగమే ఉండాది సార్. ఎడమ కొమ్ము లేదు."

పిల్లల తల్లికే కోపం ఎక్కువ, అదే అయ్యుంటుందని అందరూ అనుకున్నారు. శుక్రవారం బోను వస్తుంది. దక్షిణపు గుహ ముందు పెడతారు. తల్లి బోనులో పడితే లోపల పిల్లలు పాలు లేక చచ్చిపోతాయి.

"అది కాదేమో సార్," అంది మారెక్క.

"కాకపోవచ్చు. గురువారం రాత్రిలోగా దాని ఎద ఫొటో తీసుకురా. గీత పూర్తిగా ఉంటే బోను ఉత్తరానికి మారుస్తా." రేంజరు గొంతులో విసుగు లేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

ఆ రోజు బుధవారం. ఆమె ఆఫీసు నుంచి నేరుగా మొహిద్దీన్ ఉస్తాదు కొట్టుకు పోయింది.

బస్టాండు ఎదురుగా పొడుగాటి, ఇరుకైన కొట్టు. ఉస్తాదుకు డెబ్బై దాటాయి. పాత కెమెరాలూ లెన్సులూ బాగుచేస్తాడు. వయసులో ఉన్నప్పుడు కొండలెక్కి అడవి జంతువుల ఫొటోలు తీసేవాడు. గోడనిండా అవే ఉంటాయి. చిరుత, తోడేలు, ఎలుగు. అన్నీ సూటిగా మన కళ్ళలోకి చూస్తుంటాయి. ఉస్తాదుకు భయమంటే తెలీదని ఊళ్ళో చెప్పుకుంటారు. మారెక్క కెమెరా పట్టుకోవడం నేర్చుకున్నది ఆయన దగ్గరే.

"పొడుగు లెన్సు కావల్ల ఉస్తాద్. చేత్తో తిప్పుకునే పాతదైనా సరే. కొత్తవి నేను కొనలేను. ఎంత దూరం లాగితే అంత మంచిది. ఎదురుకొండ మీద కూచుని తీస్తా."

ఉస్తాదు ఎందుకని అడగలేదు. బల్లమీద గుడ్డ పరిచి నాలుగు లెన్సులు వరసగా పెట్టాడు.

"చూసుకో."

ఎలా చూడాలో ఆయనే నేర్పాడు. ఆమె మొదటిదాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. గాజు లోపల సాలెగూడులాగా బూజు పాకి ఉంది. పక్కన పెట్టింది. రెండోదాని లోపలి రేకులకు నూనె పట్టింది. అదీ పక్కన పెట్టింది. మూడోది రెండొందల మిల్లీమీటర్లది, అంత దూరం లాగదు. రబ్బరు అరిగిపోయి, పైన ఎక్కడో రాయికి గీసుకున్న గుర్తు ఉంది. నాలుగోది అయిదొందలది, అన్నిటికన్నా దూరం లాగేది, లోపల అద్దాలున్న రకం. పొట్టిగా, లావుగా, కొత్తదానిలా మెరుస్తోంది.

మూడోదాన్ని వెలుతురుకు ఎత్తి చూడనే లేదు ఆమె. "ఇది," అంటూ నాలుగోదాన్ని తీసుకుంది.

"సరే." ఉస్తాదు దాన్ని ఆమె కెమెరాకు తగిలించి ఇచ్చాడు. "అదో, వాటర్ ట్యాంకు మీద కాకి. దాని కన్ను చూపించు."

మారెక్క కెమెరా కంటికి ఆనించింది. ట్యాంకు కనబడి జారిపోయింది. ఆకాశం వచ్చింది. మళ్ళీ ట్యాంకు. కాకి ఒక్క క్షణం తేటగా కనిపించి, ఎవరో లాగేసినట్టు పక్కకు పోయింది. తేటగా కనబడేందుకు లెన్సు రింగు తిప్పింది. ఎంత తిప్పినా కాకి నీళ్ళలో నీడలాగా కదులుతూనే ఉంది.

"రింగు లూజుగా ఉంది ఉస్తాద్."

ఆయన బల్లకింద నుంచి ఇసుక నింపిన గుడ్డసంచి తీసి ముందుపెట్టాడు. కెమెరా దానిమీద ఆనించి కాకివైపు తిప్పాడు.

"చేతులు తీసేసి చూడు."

ఆమె చూసింది. కాకి కన్ను నల్లపూసలాగా నిలబడి ఉంది. కొంచెం కూడా కదలడం లేదు.

మారెక్క చేతులు ఒళ్ళో దాచుకుంది. ఉస్తాదు వాటివైపు చూడలేదు.

కిందటి సీతాఫలాల కాలంలో ఆమె ఓ పుట్ట దగ్గర వంగి ఫొటో తీస్తోంది. వెనక బండ పక్కనుంచి ఎవరో నోటితో గాలి జుర్రుకుంటున్నట్టు చప్పుడు వినిపించింది. ఆ వెంటనే అరుపు. అటవీశాఖ వాచరు హనుమన్న ఆమెను పక్కకు తోసేశాడు. అతని పిక్క ఎలుగు నోట్లో పడింది. ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు, ఆమె కనిపిస్తే నవ్వుతూనే పలకరిస్తాడు. ఆరోజు ఏం చేశావని ఎవరూ అడగలేదు. ఏమీ చేయలేదు. కిందపడ్డచోటే కళ్ళు మూసుకుని పడుకుంది. ఇప్పటికీ ఇంట్లో కుక్కరు బుస్సుమంటే గోడకు వీపు ఆనించి నిలబడుతుంది. అమ్మ ఏమయిందంటే ఏం లేదంటుంది.

"ఎన్నింటికి బయటికి వస్తాది ఎలుగు?" అన్నాడు ఉస్తాదు.

"ఆరవుతాది. పొద్దు గూకే ముందు."

ఆయన లేచి షట్టరు నడుము ఎత్తుకు దించాడు. కొట్టు మసకబారింది. గోడ పట్టుకుని నడుస్తూ పోయి చివరన నిలబడ్డాడు.

"ఇప్పుడు నన్ను చూడు."

అయిదొందలదాంట్లో నల్లటి మసక తప్ప ఏమీ లేదు. ఆమె రింగు అటూ ఇటూ తిప్పింది. తెల్లగా ఏదో మరక కదిలింది. అది ఆయన గడ్డమో, గోడమీది క్యాలెండరో తెలియలేదు.

ఉస్తాదు తిరిగొచ్చి, దాన్ని ఊడదీసి రెండొందలది తగిలించాడు. మళ్ళీ చివరికి పోయి నిలబడ్డాడు. ఈసారి ఆయన మొహం కనిపించింది. కంటి కొసల ముడతలతో సహా కనిపించింది.

"ఇది పెట్టుకుంటే ఎంత దగ్గరికి పోవల్ల?" అడిగింది మారెక్క.

"నూరు అంగలు."

ఆమె కెమెరా బల్లమీద పెట్టేసింది. "నా చేత కాదు ఉస్తాద్."

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

ఉస్తాదు షట్టరు ఎత్తాడు. ఎండ లోపలికి వచ్చింది. "రేపు గురువారం. నేను కూడా వస్తా. హనుమన్నను నాలుగింటికి జీపు తెమ్మను," అన్నాడు.

మరుసటి రోజు జీపులో దారి పొడుగునా ఉస్తాదు ఆమెచేత కళ్ళు మూయించి రెండొందలదాని రింగు తిప్పించాడు. దూరం నుంచి దగ్గరికి. దగ్గరనుంచి దూరానికి. "కన్నుతో కాదు, వేలితో తెలుసుకో," అన్నాడు. జీపు నడుపుతున్న హనుమన్న అద్దంలోంచి ఇద్దరినీ చూస్తున్నాడు.

కొండ కింద హనుమన్న డప్పు పట్టుకుని ఆగిపోయాడు. ఏదైనా జరిగితే డప్పు కొట్టుకుంటూ పైకొస్తాడు. మిగిలిన ఇద్దరూ గాలికి ఎదురుగా, బండల మధ్య మెల్లగా ఎక్కారు. ఉస్తాదు మోకాళ్ళు పట్టేసి మూడుసార్లు కూచున్నాడు. దక్షిణపు గుహకు నూరు అంగల దూరంలో ఏనుగంత బండ ఒకటి ఉంది. దానిమీదికి చేరేసరికి అయిదున్నర.

గుహ నోరు చీకటిగా ఉంది. దాంట్లోంచి వచ్చే ప్రతి చప్పుడూ ఆ జుర్రుడులాగే వినిపిస్తోంది. ఆకు రాలినా, తొండ పరిగెత్తినా మారెక్క మెడ తిప్పి చూస్తోంది. దిగిపోదామని రెండుసార్లు నోరు తెరిచింది. ఉస్తాదు గుహవైపే చూస్తున్నాడు.

ఆరు కావస్తుండగా ఎలుగు బయటికి వచ్చింది.

వీపుమీద రెండు పిల్లలు, బొచ్చులో మొహాలు దాచుకుని అతుక్కుని ఉన్నాయి. తల్లి నేలను వాసన చూసుకుంటూ పక్కకు తిరిగింది. మారెక్క కెమెరా ఎత్తింది. మళ్ళీ వీపే. ఊపిరి బిగబట్టుకుని కూచుంది. అది అలాగే వెళ్ళిపోతే బాగుండునని మనసులో ఎక్కడో అనుకుంది. అనుకున్నందుకు సిగ్గుపడింది.

అప్పుడు గాలి మారింది.

తన చెమట వాసన గుహవైపు పోవడం ఆమెకు తెలిసింది. ఎలుగు ఆగింది. ముక్కు పైకెత్తింది. మెల్లగా ఇటు తిరిగింది. వెనక కాళ్ళమీద లేచి నిలబడింది, మనిషిలాగా. పిల్లలు జారి దాని కాళ్ళ దగ్గర పడ్డాయి.

మారెక్క వేళ్ళు కదల్లేదు. కెమెరాలో నల్లటి ముద్ద, దాని మధ్యలో తెల్లటి మసక ఊగిపోతున్నాయి. రింగు ఏ వైపు తిప్పాలో మరిచిపోయింది. కళ్ళు మూసుకోవాలనిపించింది.

ఎవరో ఆమె ఎడమచేయి పట్టుకున్నారు. ఉస్తాదు. ఆ చేతిని లాక్కుని, చొక్కా గుండీల మధ్యనుంచి తన గుండెమీద ఆనించుకున్నాడు.

ఆ గుండె దడదడ కొట్టుకుంటోంది. పట్టుకున్న పిట్ట గుండెలాగా. ఆమె గుండె కన్నా వేగంగా.

మారెక్క ఉలిక్కిపడి ఆయన మొహం చూసింది. ముసలాయనకు ఏదైనా అయిందేమోనని భయపడింది. పెదాలు పాలిపోయి ఉన్నాయి. నుదుటిమీద చెమట. కళ్ళు మాత్రం ఎలుగుమీదే ఉన్నాయి. ఏమీ కాలేదన్నట్టు తల అడ్డంగా ఆడించి, గడ్డంతో కెమెరావైపు చూపించాడు. చేయి వదిలేశాడు.

ఆమె కెమెరా కంటికి ఆనించింది. చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. మోచేతులు బండమీద ఆనించింది. ఊపిరి వదిలింది. వేలు రింగును తిప్పింది. మసక మెల్లగా దగ్గరికి చేరి, బొచ్చయింది, గోళ్ళయింది, ఎద అయింది.

తెల్లటి గీత. కుడికొమ్ము. ఎడమకొమ్ము. రెండూ ఉన్నాయి.

నొక్కింది. ఇంకోసారి. ఇంకోసారి.

ఎలుగు ధభీమని నాలుగు కాళ్ళమీదికి దిగి, బుస్సుమంటూ వాళ్ళవైపు వచ్చింది. పది అంగలు. పదిహేను. ఉస్తాదు కదల్లేదు. మారెక్క కూడా కదల్లేదు. కళ్ళు తెరిచే ఉంచింది. దాని ముక్కు చుట్టూ అంటుకున్న మట్టి కూడా కనిపిస్తోంది.

వెనకనుంచి పిల్ల ఒకటి కీచుమంది.

ఎలుగు ఆగింది. వాళ్ళవైపు ఇంకోసారి చూసింది. వెనక్కు తిరిగి పోయి పిల్లల పక్కన వంగింది. అవి బొచ్చు పట్టుకుని పైకి పాకాయి. మూడూ బండల వెనకకు పోయాయి.

తరవాత ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని దిగారు. హనుమన్న డప్పు చంకలో పెట్టుకుని ఎదురొచ్చాడు. మారెక్క కెమెరా వెనక చిన్న తెరమీద ఫొటో చూపించింది. హనుమన్న దాన్ని చూస్తూ నిలబడ్డాడు. "పూర్తిగా ఉండాది కదక్కా," అన్నాడు. ఆమె అతని చేయి పట్టుకుని ఏడ్చింది.

శుక్రవారం బోను ఉత్తరపు గుహకు పోయింది. మూడోరోజు అందులో మగ ఎలుగు పడింది. ఎదమీద గీతకు ఎడమకొమ్ము లేదు. దాన్ని దూరంగా, మనుషులు లేని అడవికి తీసుకుపోయి వదిలారు.

ఆ కబురు చెప్పడానికి మారెక్క ఉస్తాదు కొట్టుకు పోయింది. ఆయన ఎవరిదో లెన్సు ఊడదీసి గాజుమీద బూజు తుడుస్తున్నాడు. కబురంతా విని తలూపాడు. తుడవడం మానలేదు.

ఆమె గోడమీది ఫొటోలు చూస్తూ కూచుంది. చిరుత, తోడేలు, ఎలుగు. ఇన్నేళ్ళుగా చూస్తున్నవే.

"ఉస్తాద్, ఇవన్నీ తీసినప్పుడు కూడా అట్లనే కొట్టుకునిందా మీ గుండె?"

"ఇంకా ఎక్కువ."

"మరి ఇన్నేండ్లలో ఎవురికీ చెప్పలేదా?"

ఉస్తాదు గాజును వెలుతురుకు ఎత్తి, ఒక కన్ను మూసి చూశాడు.

"అడిగినోళ్ళందరూ లెన్సు గురించే అడిగినారు బిడ్డా."