మాయమైన మోదుగాకు

రండి, ఇలా వచ్చి కూర్చోండి. కంప్యూటర్ క్లాసులో టీచరు ఎవరి చేతి మీద స్టార్ వేసిందో, ఎవరు మూతి ముడుచుకుని ఇంటికొచ్చారో నాకు తెలుసులే. ఆ పంచాయితీ తర్వాత. ముందు కథ వినండి. మధ్యలో ఊఁ కొట్టకపోతే మాత్రం ఆపేస్తాను, ఆ తర్వాత మీ ఇష్టం.

అనగనగా, కంప్యూటర్ అన్న మాటే పుట్టని రోజుల్లో, ఒక అడవిలో వాగు ఒడ్డున ఒక బడి ఉండేది. ఆ బడిలో రంగనాయకి అనే గోరింక పిల్ల చదువుకునేది. గోరింకలకి ఒకసారి విన్నది ఇట్టే నోటికొచ్చేస్తుందిగా! ముసలి చిలుక పంతులు పాఠం చెప్పి నోరు మూసేలోపే రంగనాయకి గడగడా అప్పజెప్పేసేది. "అబ్బో, రంగనాయకి అంటే రంగనాయకే!" అనేవాళ్ళు అందరూ. ఆ మాట వినందే దానికి అన్నం సహించేది కాదు.

చిలుక పంతులుకి గొంతు పోయింది. ఆయన స్థానంలో గిజిగాడు మాస్టారు వచ్చాడు. గిజిగాడి గూడు చూశారా ఎప్పుడైనా? ముందు ముడి, తర్వాత అల్లిక, ఆ తర్వాత గది. ఒక్క పోచ వరస తప్పినా గూడు జారి కింద పడుతుంది. అందుకని ఆయనకి వరస అంటే ప్రాణం.

"పిల్లలూ, వల్లెవేసింది చాలు. ఇవాళ్టి నుంచి పని చెప్పడం నేర్చుకుందాం" అన్నాడు మాస్టారు.

"పని చెప్పడం కూడా ఒక చదువేనా? మా అమ్మ రోజూ నాకు చెప్తూనే ఉంటుంది!" అంది కుందేలు పిల్ల. అందరూ నవ్వారు.

మాస్టారు కూడా నవ్వి, "అయితే భీమలింగానికి చెప్పి చూడండి" అన్నాడు.

భీమలింగం ఎవరంటే, ఆ అడవిలోని దున్నపోతు. కొండంత మనిషి, అంటే కొండంత దున్నపోతు. మంచివాడే. కానీ ఒకప్పుడు అందరూ తలో మాట చెప్పి, ఇటు రమ్మని, అటు పొమ్మని అతన్ని నానా తిప్పలూ పెట్టారు. విసిగిపోయి ఒట్టేసుకున్నాడు. "ఇక నోటిమాట వినను. ఆకు చూపిస్తేనే చేస్తాను. ఆకు చెప్పింది చేస్తాను, చెప్పనిది చేయను" అని.

అందుకని ఆకుల దండలు గుచ్చేవాళ్ళు. టేకాకు అంటే నాలుగడుగులు ముందుకు నడు. జిల్లేడాకు అంటే నీళ్ళలో ముంచు. రేగుకొమ్మ ముక్క అంటే ఇందాక చేసిందే మళ్ళీ చెయ్యి. మోదుగాకు అంటే ఆగి చూడు, నీళ్ళు మోకాలు దాటేలా ఉంటే వెనక్కి తిరిగి గట్టెక్కు. ఇలా ఒక్కో పనికి ఒక్కో ఆకు. దండని భీమలింగం కొమ్ముకి తగిలిస్తే, ముందున్న ఆకుని చూసేవాడు, అది చెప్పిన పని చేసేవాడు, ఆ ఆకుని కాస్తా కరకరా నమిలి మింగేసేవాడు. తర్వాత రెండో ఆకు. మరి ఊరికే చేస్తాడా ఏమిటి?

మొదటి వంతు రంగనాయకిది. సొరబుర్ర నిండా నీళ్ళు తెప్పించాలి. "ఇదో పనా!" అని చకచకా దండ గుచ్చేసింది. భీమలింగం వాగుకి వెళ్ళాడు. తన మూతిని నీళ్ళలో ముంచాడు. వెనక్కొచ్చి ముక్కులోంచి నీళ్ళు కార్చుకుంటూ నిలబడ్డాడు. సొరబుర్ర ఒడ్డునే ఉండిపోయింది.

"బుర్ర పట్టుకోమని చెప్పలేదే?" అన్నాడు భీమలింగం.

బడంతా పడీపడీ నవ్వింది. రంగనాయకి ముఖం కందిపోయింది. "దున్నపోతుకి బుద్ధి లేకపోతే నేనేం చేయను!" అంది.

"అతనికి లేని బుద్ధి నీ దండలో ఉండాలి తల్లీ" అన్నాడు మాస్టారు.

రెండో వంతు కుందేలు పిల్లది. అది సొరబుర్ర పట్టుకోమంది, బానే ఉంది. కానీ రేగుకొమ్మలు దండ నిండా గుచ్చేసింది, ఎక్కడ ఆగాలో చెప్పలేదు. భీమలింగం వాగు దాటాడు, గుట్ట దాటాడు, కనుచూపు మేర దాటాడు. సాయంత్రానికి నక్క మామ ఇంకో దండ పట్టుకుపోయి తోలుకొచ్చాడు.

మూడో వంతు కోటయ్యది. కోటయ్య ముళ్ళపంది పిల్ల. నోట్లోంచి మాట రావడానికే అరగంట పట్టేది. పాఠాలు ఒక్కటీ అప్పజెప్పలేక రోజూ వెనక వరసలో నిలబడేవాడు. వాడేం చేశాడో తెలుసా? దండ గుచ్చి, ముందు తన మెడలోనే వేసుకున్నాడు. కళ్ళు మూసుకుని, ఆకు చెప్పినట్టే నడిచాడు. దబ్బున గుంటలో పడ్డాడు! లేచి, దులుపుకుని, "ఇక్కడ తప్పుంది" అని ఒక ఆకు మార్చాడు. మళ్ళీ నడిచాడు. ఈసారి చెట్టుకి గుద్దుకున్నాడు. "ఇక్కడ కూడా" అని ఇంకో ఆకు మార్చాడు. చివరికి ఆ దండని భీమలింగానికి తగిలిస్తే, చుక్క ఒలకకుండా సొరబుర్ర నిండా నీళ్ళు తెచ్చి మాస్టారి ముందు పెట్టాడు.

"శభాష్ కోటయ్యా!" అని మాస్టారు రెక్కలు కొట్టాడు. "తప్పు రావడం సిగ్గుచేటు కాదు పిల్లలూ. కోటయ్య తన తప్పుని తనే వెతికి పట్టుకున్నాడు చూశారా? చదువంటే అదీ!"

ఆ శభాష్ ఉందే, అది రంగనాయకి చెవిలో కారం పోసినట్టయింది. వెనక వరస కోటిగాడికా శభాష్? మాట కూడా సరిగ్గా రాని వాడికా? ఇంటికెళ్ళినా అదే ధ్యాస. అమ్మ పురుగు తెచ్చి నోటికందిస్తే వద్దంది. చెల్లెలు పున్ని, ఇంకా రెక్కలు కూడా రాని పిల్ల, "అక్కా, కథ చెప్పవూ" అంటే కసిరింది. కళ్ళు మూసుకుంటే కోటయ్య, కళ్ళు తెరిస్తే కోటయ్య. కడుపులో మంట. ఊఁ? అలా చూస్తారేం? మీకెప్పుడూ రాలేదా ఆ మంట? నిజం చెప్పండి!

దాని మీద ఇంకో దెబ్బ పడింది. తొలకరి పడగానే బుల్లి పిల్లలందరినీ వాగు అవతలి నేరేడు తోపుకి తీసుకెళ్ళి పళ్ళు తినిపించడం ఆ అడవి ఆనవాయితీ. భీమలింగం వీపు మీద ఎక్కించుకుని వాగు దాటిస్తాడు. ఏటా ఆ రోజున పాట పాడి పిల్లల్ని సాగనంపేది రంగనాయకే. ఈసారి మాస్టారు ఏమన్నాడంటే, "పాట సంగతి తర్వాత. ఈ ఏడు దండ కోటయ్యది" అన్నాడు.

కోటయ్య దండ గుచ్చాడు. ఎండలో పదేపదే నడిచి చూసుకున్నాడు. సరిగ్గా వాగు ఒడ్డు వచ్చేచోట ఒక మోదుగాకు పెట్టాడు. "పైన కొండల్లో వాన పడితే ఇక్కడ మనకి తెలియదు మాస్టారూ. దిగే ముందు ఆగి చూడాలి" అన్నాడు. మాస్టారు వాడి తల నిమిరాడు, ముళ్ళు గుచ్చుకుంటున్నా సరే నిమిరాడు. రంగనాయకి కొమ్మ మీంచి అంతా చూసింది.

ముళ్ళపందులకి పగటినిద్ర ఎక్కువ. మధ్యాహ్నం కోటయ్య దండని పక్కన పెట్టుకుని గురక పెడుతున్నాడు. రంగనాయకి మెల్లిగా కిందికి దిగింది. దండలోంచి ఆ ఒక్క మోదుగాకు లాగేసింది. ఒడ్డు మీదున్న మద్దిచెట్టు తొర్రలో దాచేసింది.

"ఏముందిలే, పిల్లలు కాస్త తడుస్తారు. నన్ను చూసి నవ్వారుగా, ఇప్పుడు వాణ్ణి చూసి నవ్వుతారు" అనుకుంది. ఆ సాయంత్రం మాత్రం కడుపునిండా తింది.

మర్నాడు అందరూ వాగు దగ్గర చేరారు. కుందేలు కూనలు, ఉడుత పిల్లలు, జింక కూన ఒకరి మీద ఒకరు ఎక్కి భీమలింగం వీపు మీద సర్దుకున్నారు. దండ కొమ్ముకి తగిలించారు. భీమలింగం టేకాకు చూశాడు, నడిచాడు, నమిలాడు. ఇంకో టేకాకు. ఇంకోటి. వాగు ఒడ్డుకి వచ్చాడు. ఆగలేదు. నీళ్ళలోకి దిగిపోయాడు.

అప్పుడే పైనుంచి హోరు వినిపించింది. కొండల్లో వాన పడింది! ఎర్రటి నీళ్ళు చెట్ల కొమ్మల్ని దొర్లించుకుంటూ వచ్చేస్తున్నాయి. మోకాలు దాటాయి. పొట్టకి తగిలాయి. పిల్లలు కెవ్వుమన్నారు.

"ఆగు భీమలింగం! ఆగు నాయనా!" అని ఒడ్డు మీద తల్లులందరూ గుండెలు బాదుకున్నారు. నోటిమాట అతను వింటే కదా! టేకాకు చూశాడు, ఇంకో నాలుగడుగులు వేశాడు.

"మోదుగాకు పెట్టానే! నేను పెట్టానే!" అని కోటయ్య ఏడుస్తున్నాడు.

"ఎవరైనా ఒక్క మోదుగాకు తెండర్రా!" అని మాస్టారు అరిచాడు. ఎక్కడి నుంచి తెస్తారు? మోదుగ చెట్లన్నీ కొండ మీదున్నాయి.

అంతలో దున్నపోతు వీపు మీంచి సన్నటి గొంతు వినిపించింది. "అక్కా! అక్కా! భయమేస్తోందే!"

పున్ని! వాళ్ళమ్మ పొద్దున్నే దాన్ని కూడా ఎక్కించేసింది. మూతి ముడుచుకుని కూర్చున్న రంగనాయకికి ఆ సంగతే తెలియదు.

ఇక ఆలోచించలేదు. తొర్రలోకి దూరి ఆకు పట్టుకుంది. ఎదురుగాలిలో ఎగిరి వెళ్ళి భీమలింగం కొమ్ము మీద వాలింది. దండలో అన్నిటికంటే ముందు ఆ మోదుగాకు గుచ్చింది. భీమలింగం చూశాడు. ఆగాడు. నీళ్ళ వంక చూసుకుని, "మోకాలు దాటినట్టున్నాయే" అన్నాడు. వెనక్కి తిరిగాడు. ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి గట్టెక్కాడు. ఆకుని కరకరా నమిలి మింగేశాడు. మిగతా దండని మాస్టారు చటుక్కున కొమ్ము మీంచి లాగేశాడు.

ఇంకేముంది, ఒడ్డంతా కేరింతలు! ఆ సంబరంలో ఆకు ఎక్కడిదని ఎవరూ అడగలేదు. తల్లులు వచ్చి రంగనాయకిని ముద్దులాడారు. "రంగనాయకి అంటే రంగనాయకే!" అన్నారు.

"సమయానికి ఎంత తెలివిగా ఆలోచించావమ్మా!" అన్నాడు మాస్టారు. తర్వాత కోటయ్య వైపు తిరిగి, "ఎంత ముఖ్యమైన ఆకు మర్చిపోయావురా!" అన్నాడు బాధగా.

"పెట్టాను మాస్టారూ" అన్నాడు కోటయ్య.

"భీమలింగం, దండలో మోదుగాకు ఉందా?"

"నా ముందుకొచ్చిన ఆకు తింటాను. రాని ఆకు సంగతి నన్నడిగితే ఎలా?" అన్నాడు భీమలింగం.

సాక్ష్యం చెప్పడానికి ఇంకేం మిగల్లేదు. ఒడ్డు దాకా గుచ్చిన ఆకులన్నీ దున్నపోతు కడుపులో ఉన్నాయి. రంగనాయకి నోరు విప్పకపోతే ఎవరికీ ఎప్పటికీ తెలియదు. అది నోరు విప్పలేదు.

అన్నాళ్ళూ ఏ మెచ్చుకోలు కోసం కుళ్ళిపోయిందో, అదే మెచ్చుకోలు ఇప్పుడు ఒళ్ళో వచ్చి పడింది. కానీ చేదుగా ఉంది. సాయంత్రానికి ఇక్కడా వాన పట్టుకుంది. గూట్లోంచి చూస్తే, కింద కోటయ్య కొత్త టేకాకులు మెడలో వేసుకుని, వానలో తడుస్తూ, అదే దారిలో మళ్ళీ మళ్ళీ నడుస్తున్నాడు. "తప్పు ఎక్కడో ఉండాలి. ఎక్కడుంది? నా బుర్రలోనే ఉందా?" అని గొణుక్కుంటున్నాడు. లేని తప్పు వాడికి ఎలా దొరుకుతుంది చెప్పండి?

గూట్లో రంగనాయకి రెక్క కింద పడుకున్న పున్ని తలెత్తింది. "అక్కా, నీళ్ళొస్తాయని నీకు ముందే తెలుసా?"

"తెలియదే."

"మరి ఆ ఆకు తొర్రలోంచి తీశావుగా, ముందే తెచ్చి ఎందుకు దాచిపెట్టావు?"

రంగనాయకి మెల్లిగా గూడు దిగి, వానలో కోటయ్య ముందుకెళ్ళి నిలబడింది.

"వెతక్కు కోటయ్యా. తప్పు నీ దండలో లేదు. నేనే లాగేశాను. నిన్ను మెచ్చుకుంటుంటే ఓర్వలేకపోయాను."

కోటయ్య ముళ్ళన్నీ ఒక్కసారి నిక్కబొడుచుకున్నాయి. "నా బుర్రే పనికిరాదనుకున్నాను. ఇక బడి మానేద్దామనుకున్నాను!" అన్నాడు. వాడంత గట్టిగా మాట్లాడటం ఎవరూ ఎప్పుడూ వినలేదు. రంగనాయకి తల దించుకుంది. ముళ్ళు గుచ్చుతాడేమో, గుచ్చనీ అనుకుని కదలకుండా నిలబడింది.

వాడు మెడలోని ఆకులు తీసి పక్కన పెట్టాడు. "పద. ఈ మాట మాస్టారి ముందు చెప్పు. అందరి ముందూ చెప్పు."

చెప్పింది. ముద్దులాడిన తల్లులే ముఖం తిప్పుకున్నారు. మాస్టారు ముందు కోటయ్య దగ్గరికెళ్ళి, "నీ మాట నమ్మనందుకు నన్ను క్షమించరా" అన్నాడు. తర్వాత, "దీన్నేం చేయమంటావో నువ్వే చెప్పు" అన్నాడు.

కోటయ్యకి ఇంకా కోపం తగ్గలేదు. అయినా తనకి తెలిసిందే చెప్పాడు. "తప్పు దొరికింది కదా మాస్టారూ. దొరికితే సరిచేసుకోమనేగా మీరు చెప్పింది? కొండెక్కి మోదుగాకు తెమ్మనండి."

రంగనాయకి కొండెక్కి ఆకు తెచ్చింది. వాగులో వరద తగ్గాక, కోటయ్య గుచ్చిన దండతో భీమలింగం బయల్దేరాడు. ఒడ్డున ఆగాడు. చూశాడు. వాగు దాటాడు. పున్ని నేరేడు పళ్ళు తిని మూతంతా ఊదారంగు చేసుకుంది.

రంగనాయకికి కుళ్ళు ఆ రోజుతోనే పోయిందా అంటే, పోలేదు. తర్వాత కూడా కోటయ్యని శభాష్ అన్నప్పుడల్లా కడుపులో కాస్త చురుక్కుమనేది. కానీ అప్పుడు దండ దగ్గరికి పోయేది కాదు. కోటయ్య దగ్గరికే పోయి, "అది ఎలా చేశావురా, నాకూ చెప్పవూ" అని అడిగేది. వాడు అరగంట తీసుకుని చెప్పేవాడు.

ఇప్పుడు చెప్పండి. ఆ స్టార్ ఎవరికొచ్చిందో వాళ్ళని ఏమడుగుతారు రేపు?

నీతి: ఓర్వలేక ఎదుటివారి పనిలో మనం పెట్టిన తప్పు ఎవరిని ముంచుతుందో మనకే తెలియదు. అసూయ కలిగితే వాళ్ళ పని చెడగొట్టకండి, వాళ్ళ దగ్గర నేర్చుకోండి. తప్పు చేస్తే దాచకండి, దాచిన తప్పుని ఎవరూ సరిచేయలేరు.