తూములోకి వెళ్ళిన బగ్గీ

దుప్పటి తన్నేయకు అమ్మలూ. ఇలా నా పక్కకి జరుగు. నిద్ర రావట్లేదా? నాకూ రావట్లేదులే. సరే, చెవులు ఇటు పెట్టు.

అనగా అనగా, ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో ఇంటింటా లక్క బొమ్మలు చేసేవారు. అంకుడు కర్రని మిషన్ మీద గిర్రున తిప్పి, ఉలితో చెక్కి, రంగు లక్క పట్టించి, మొగలాకుతో రుద్దితే బొమ్మ అద్దంలా మెరిసేది. ఆ ఊళ్ళో వరహాలు అని ఒకావిడ ఉండేది. ఆవిడ చేసిన బొంగరం చేతిలోకి తీసుకుంటే కింద పెట్టబుద్ధయ్యేది కాదు.

ఆవిడకి ఒక్కడే తమ్ముడు, పైడిరాజు. కరెంటు లైన్ల మీద పనిచేసేవాడు. ఒకసారి గాలివానలో తెగిన తీగ కట్టడానికి స్తంభం ఎక్కి, జారి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. ఆస్పత్రిలో లోపల ప్లేటు వేసి కుట్టారు. ఆ తర్వాత నెలలు గడిచాయి. అప్పుడు డాక్టరు చూసి, "ఎముక అతుక్కుంది. ఇక నడవాలి. నడవకపోతే కాలు ఇలాగే బిగుసుకుపోతుంది" అని చెప్పి ఇంటికి పంపాడు.

కానీ పైడిరాజు నడవలేదు. లేచి నిలబడితే చాలు, కాళ్ళ కింద నేల ఎక్కడో లోతుగా ఉన్నట్టు అనిపించేది. ఒళ్ళంతా చెమటలు పట్టేవి. వెంటనే మంచం మీద కూలబడేవాడు.

పోనీ కుదురుగా పడుకున్నాడా అంటే, అదీ లేదు. గోడ మీద వేళ్ళతో టకటకా కొట్టేవాడు. ఫ్యాను పెంచమనేవాడు, పెంచగానే తగ్గించమనేవాడు. కిటికీ తెరిస్తే ఎండనేవాడు, మూస్తే ఉక్కపోతనేవాడు. అన్నం పెడితే పులుసు చల్లారిందనేవాడు. వరహాలు వీధరుగు మీద మిషన్ దగ్గర కూర్చున్నా, ఆ టకటక ఆవిడ చెవిలోనే ఉండేది. ఉలి పట్టు తప్పేది. ఎన్ని బొమ్మలు పాడయ్యాయో!

ఒకరోజు ఆవిడ ఎండు కర్ర కోసం అటక మీద వెతుకుతుంటే ఒక గోనెసంచి చేతికి తగిలింది. దించి విప్పి చూసింది. లోపల ఒక బగ్గీ ఉంది.

బగ్గీ అంటే గుర్రం బండి కాదే పిచ్చిదానా! రిమోట్‌తో నడిచే బొమ్మ కారు. వెనక చక్రాలు లావుగా, ముందు చక్రాలు సన్నగా, గుంతల్లోంచి ఎగిరి పోతుంటుంది. వాళ్ళ నాన్న ఓడలో వంటపని చేసేవాడు. ఎప్పుడో వీళ్ళిద్దరూ చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు ఏదో దేశం రేవులో కొని తెచ్చాడు. అక్కా తమ్ముడూ దానికోసం జుట్లు పట్టుకునేవారట. చివరికి అది ఆగిపోయి అటకెక్కింది.

ఇప్పుడు దాన్ని చూస్తే జాలేసింది. రబ్బరు టైర్లు బెల్లం పాకంలా జిగురుగా కారిపోయాయి. బ్యాటరీ ఉబ్బి పచ్చగా చిలుం పట్టింది. లోపల ఒక పళ్ళచక్రానికి పళ్ళే లేవు. రిమోట్ ఏరియల్ మొదలంటా విరిగిపోయింది.

వరహాలు దాన్ని తీసుకెళ్ళి తమ్ముడి ఒళ్ళో పెట్టింది.

"ఏటప్పా ఇది? ఈ చెత్త నాకెందుకు?" అన్నాడు పైడిరాజు. ఆ వైపు అక్కని అప్ప అంటారులే.

"ఎందుకేటి? ఊరికే గోడని కొడతన్నావు కదా. అదేదో దీన్ని కొట్టు" అంది వరహాలు. మళ్ళీ మిషన్ దగ్గరికి పోయింది.

కాసేపు గోడ టకటకలాడింది. ఆ తర్వాత ఆగింది. ఇంకాసేపటికి లోపల్నుంచి కేక వచ్చింది. "అప్పా! చిన్న స్క్రూడ్రైవరు ఎక్కడ పెట్టేవు?"

అప్పుడు మొదలైంది పని. పైడిరాజుకి తీగలూ మోటార్లూ తెలుసు. వరహాలుకి కర్ర తెలుసు. అతను మోటారు విప్పి తుప్పు గీకాడు. లోపల కార్బన్ ముక్కలు అరిగిపోతే, పాత టార్చి సెల్లు పగలగొట్టి అందులో నల్లకడ్డీ తీసి, నూరి నూరి కొత్త ముక్కలు చేశాడు. ఉబ్బిన బ్యాటరీ పీకేసి కొత్తది కట్టాడు. రిమోట్‌కి గొడుగు ఊచ ఏరియల్‌గా బిగించాడు. ఆవిడ అంకుడు కర్రతో నాలుగు చక్రాలు తిప్పింది. వాటికి సైకిలు ట్యూబు కోసి తొడిగింది. ఉత్త చక్రాలు ఇవ్వడం ఆవిడకి చేతకాదు కదా, అంచున ఎర్ర లక్క గీత కూడా వేసింది.

పళ్ళచక్రం దగ్గర మాత్రం ఇద్దరికీ చుక్కలు కనపడ్డాయి. మొదట అంకుడు కర్రతో చేశారు. మోటారు తిరగ్గానే ఫట్‌మని చీలింది. ఆ తర్వాత ముదురు కొబ్బరి చిప్పతో చేశారు. అది కొంచెంసేపు తిరిగి పళ్ళన్నీ రాల్చేసుకుంది. పైడిరాజు దాన్ని కిటికీలోంచి విసిరేశాడు. "ఇది అవ్వదు. నేనూ అవ్వను. తీసీ దీన్ని" అని గోడకి తిరిగి పడుకున్నాడు.

వరహాలు లేచి లోపలికి వెళ్ళింది. వంటింట్లో చిల్లుపడ్డ ఇత్తడి పళ్ళెం ఒకటి ఉంది. దాన్ని కత్తిరించి గుండ్రటి బిళ్ళ చేసింది. బిళ్ళనీ ఆకురాయినీ మంచం మీద పెట్టి పోయింది.

మర్నాడు పొద్దున వరహాలు లేచేసరికి లోపల్నుంచి కీచు కీచుమని చప్పుడు. ఆకురాయితో పైడిరాజు ఒక్కో పన్నూ అరగదీస్తున్నాడు. ఆవిడ తెచ్చి పెట్టిన కాఫీ చల్లారిపోయింది, చూసుకోలేదు. ఈగ ముక్కు మీద వాలింది, తోలుకోలేదు.

ఇత్తడి చక్రం నిలబడింది. రిమోట్ నొక్కగానే బగ్గీ ఝుమ్మని గది దాటి, వసారా దాటి, వాకిట్లోకి దూకింది. వీధి గుమ్మం దాటగానే ఠక్కున ఆగిపోయింది. పాత రిమోట్ కదా, దాని కబురు అంతకన్నా దూరం పోలేదు.

"అప్పా, ఆగిపోయింది. పట్రా" అని అరిచాడు.

"నా చేతి నిండా లక్కుంది. నువ్వే తెచ్చుకో."

"ఎలాగ తెచ్చుకుంతాను?"

"అది నాకేటి తెలుసు?"

పైడిరాజుకి ఒళ్ళు మండింది. ఊతకర్ర చంకలో పెట్టుకున్నాడు. గోడ పట్టుకుని లేచాడు. చెమటలు పట్టాయి. అయినా బగ్గీ అక్కడ వీధిలో ఉంది, ఏ ఎడ్లబండో తొక్కేస్తే? ఒక్కో అడుగూ వేస్తూ గుమ్మం దాకా వెళ్ళాడు. అక్కడికి చేరాక రిమోట్ నొక్కితే అది మళ్ళీ పరిగెత్తింది. ఇంకొంచెం దూరం పోయి మళ్ళీ ఆగింది. ఏం చేస్తాడు పాపం, తిట్టుకుంటూ దాని వెనకే పోయాడు.

అలా కొన్నాళ్ళు జరిగింది. చదునుగా ఉన్న వీధిలో నడిచేవాడు. కాస్త ఎత్తుపల్లం వస్తే మాత్రం అక్కడే నిలబడిపోయేవాడు. గట్టు దిగమంటే వణికిపోయేవాడు.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం. పొద్దున్నించీ ఉక్క. ఆకు కదల్లేదు. కొండల మీద మబ్బులు నల్లగా కమ్ముకున్నాయి. ఊళ్ళో కుక్కలు ఊరికే అటూ ఇటూ తిరుగుతున్నాయి. అప్పుడు చెరుకుతోటల వైపు నుంచి కేకలు వినపడ్డాయి.

వాళ్ళ పక్కింట్లో నూకాలు అని ఉండేది. ఆవిడ కూతురు మంగ, ఇంకా బడికి వెళ్ళే వయసు కాదు. బాతుపిల్ల వెనక పరిగెత్తి, రోడ్డు కింద నీళ్ళు పోయే తూములోకి దూరిపోయింది. పొడుగాటి తూము అది. అవతలి మూతి మట్టితో పూడుకుపోయింది. లోపలికెళ్ళిన పిల్లకి వెలుగు కనపడక, ఎటు రావాలో తెలీక మధ్యలో కూర్చుని ఏడుస్తోంది.

ఊరంతా తూము దగ్గర చేరింది. ఒకతను పాక్కుంటూ దూరబోతే భుజాలు పట్టలేదు. సన్నటి పిల్లల్ని ఎవర్నైనా పంపుదామంటే ఏ తల్లి పంపుతుంది? కొందరు అవతలి మూతి దగ్గర మట్టి తవ్వడం మొదలెట్టారు. కానీ కొండల మీద ఉరిమింది. అక్కడ వాన పడితే కాసేపటికి ఆ నీళ్ళన్నీ ఈ తూముకే వస్తాయి. అందరికీ ఆ సంగతి తెలుసు. తవ్వేవాళ్ళ చేతులు ఇంకా వేగంగా కదిలాయి.

"మంగా! ఇటు రామ్మా!" అని నూకాలు అరిచింది. ఆవిడతో పాటు అందరూ అరిచారు. తూములో ఆ అరుపులన్నీ కలిసిపోయి గోలగోలగా మోగాయి. పిల్ల భయపడి ఇంకా లోపలికి జరిగింది.

అప్పుడు వరహాలు పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చింది. "మంగ తూములో ఉండిపోయిందిరా. వెలుగు చూస్తే వస్తాది. బగ్గీ తియ్, పద" అంది. పైడిరాజు గబుక్కున లేచాడు. బగ్గీ ముందు భాగానికి చిన్న లైటు కట్టాడు. ఊతకర్ర పట్టుకుని అక్క వెనక నడిచాడు.

తూము రోడ్డుకి కిందుగా, గట్టు దిగితే ఉంటుంది. పైడిరాజు గట్టు మీదే ఆగిపోయాడు. వరహాలు బగ్గీకి పురికొస కట్టి తూము మూతి దగ్గర పెట్టింది. అతను పైనుంచే రిమోట్ నొక్కాడు. బగ్గీ కొంచెం లోపలికి పోయి ఆగిపోయింది. కబురు అందలేదు. కొసతో వెనక్కి లాగారు.

"అక్కణ్ణుంచి అందదురా. ఏరియల్ తూములో పెట్టాలి. రిమోట్ ఇలాగిచ్చీ, నేను తిప్పుతాను" అంది వరహాలు.

పైడిరాజు కిందికి చూశాడు. గట్టు, గడ్డి, బురద. నేల ఎక్కడో లోతుగా ఉంది. లోపల్నుంచి పిల్ల ఏడుపు సన్నగా వినపడుతోంది.

"నీకు రాదప్పా. ఎడమకి లాగుద్ది అది. నాకే తెలుసు" అన్నాడు. ఊతకర్ర పడేసి, రిమోట్ చొక్కాలో దోపుకుని, గట్టు మీద కూలబడి, రెండు చేతులతో గడ్డి పట్టుకుని కిందికి జరిగాడు. సగంలో జారాడు. నొప్పికి అబ్బా అని అరిచాడు. అయినా ఆగలేదు. బురదలో బోర్లా పడుకుని గొడుగు ఊచని తూములోకి చాపాడు.

ఈసారి బగ్గీ లోపలికి వెళ్ళింది. కానీ నాచు మీద చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. మళ్ళీ వెనక్కి లాగారు. వరహాలు ఎవరి చేతిలోదో కొబ్బరి తాడు లాక్కుంది. పురులు విప్పి వెనక చక్రాలకి చుట్టి చుట్టి ముడేసింది. ఆవిడ ముడి చూడాలి అమ్మలూ, పళ్ళతో బిగించింది!

మూడోసారి బగ్గీ లైటు చీకట్లోకి పోయింది, పోయింది, చిన్న చుక్కైంది. ఏడుపు ఆగింది.

"అందరూ నోరు మూసుకోండి!" అంది వరహాలు.

లోపల్నుంచి మోటారు రొద మారింది. చక్రాలు గాల్లో తిరుగుతున్నట్టు. "ఎత్తేసింది అప్పా. చేతిలోకి తీసుకుంది" అన్నాడు పైడిరాజు. అయ్యో! బొమ్మ దొరికిందని ఒళ్ళో పెట్టుకుని ఆ పిల్ల అక్కడే కూర్చుంటే?

వరహాలు తూము మూతిలోకి వంగి, ఇప్పుడు నేను నీతో మాట్లాడుతున్నానే, అంత మెల్లగా అంది. "మంగా, దానికి ఆకలేస్తందమ్మా. ఇంటికెళ్తానంటంది. కింద పెట్టు. దాంతోపాటు నువ్వూ రా."

పైన టపటపా చినుకులు మొదలయ్యాయి. నూకాలు కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ తర్వాత టక్‌మని చిన్న చప్పుడు. చక్రాలు నేలని తాకాయి.

పైడిరాజు బగ్గీని వెనక్కి నడిపించాడు. తొందరగా తెస్తే పిల్ల అందుకోలేదు. మరీ మెల్లగా తెస్తే నీళ్ళొచ్చేస్తాయి. కొంచెం జరిపి ఆపుతాడు. మళ్ళీ కొంచెం. లైటు పెద్దదైంది. దాని వెనక మోకాళ్ళ మీద పాక్కుంటూ, చంకలో బాతుపిల్లతో మంగ కనపడింది.

నూకాలు చెయ్యి చాపి పిల్లని లాక్కుని గుండెకి హత్తుకుంది. మంగని చూసిన ఆనందంలో బగ్గీ సంగతి ఎవరికీ పట్టలేదు. అది మూతి దగ్గరే రాళ్ళ మధ్య ఇరుక్కుపోయింది. జనం పైడిరాజుని చేతుల మీద గట్టెక్కించారు. అంతలోనే ఎర్రటి నీళ్ళు హోరున దిగాయి. వరహాలు పురికొస పట్టి లాగింది. కొస ఒక్కటే వచ్చింది.

నువ్వేం అడగబోతున్నావో నాకు తెలుసు. లేదమ్మా, బగ్గీ దొరకలేదు. ఎంత వెతికినా దొరకలేదు.

ఆ సాయంత్రం పైడిరాజుని ఇంటికి చేర్చారు. కాలు వాచింది. అన్నం తిని పడుకున్నాడు. వరహాలుకి ఒకటే భయం. ఇక మళ్ళీ గోడకి తిరిగిపోతాడేమో, ఇంకెప్పుడూ లేవడేమో అని.

పొద్దున చూస్తే మంచం ఖాళీ! వీధిలో లేడు, నూకాలు ఇంట్లో లేడు. వరహాలు జుట్టు కూడా ముడేసుకోకుండా పరిగెత్తింది. తూము దగ్గర కనపడ్డాడు. నీళ్ళు తగ్గాయి. గట్టు కింద బురదలో నిలబడి, తూము మూతికి అడ్డంగా ఇనప చువ్వలు పెట్టి కొలతలు చూస్తున్నాడు.

"ఎలాగ దిగేవురా?" అంది వరహాలు.

"వెనక్కి తిరిగి దిగేను. నిచ్చెన దిగినట్టు." తల ఎత్తలేదు. "నీళ్ళు పోవాలి, పిల్లలు పోకూడదు. అంత సందు చాలు కదా? అలాగ నిలబడిపోయేవేటప్పా, ఈ చువ్వ కదలకుండా పట్టుకో."

వరహాలు చెప్పులు గట్టు మీద విడిచి బురదలోకి దిగింది. రెండు చేతులతో చువ్వ పట్టుకుంది. పైడిరాజు సుత్తి ఎత్తాడు.

కథేమో నడిచి కంచికి చేరె,
కళ్ళల్లో నిద్దర మెల్లగ దూరె,
మనమేమో ఇంట్లోన మంచాన ఉంటిమి,
మాటలు చాలించి కన్నులు మూస్తిమి.