నలభై మూడు పేర్లు

సింధూరకి పని వచ్చింది కానీ పేరు రాలేదు. అదే ఆమె బాధ.

ఇరవై నాలుగేళ్ల పిల్ల. బందరులో మస్తాన్‌వలీ గారి దగ్గర మూడేళ్లుగా చదువుకుంటోంది. ఆయన నేర్పే విద్యని ఊళ్లో కొందరు కంప్యూటర్ తాళాల విద్య అంటారు, కొందరు దొంగవిద్య అంటారు, తెలిసినవాళ్లు హ్యాకింగ్ అంటారు. ఆయన మాత్రం పని అంటారు. "పనికొచ్చారా, కూర్చోండి" అంటారు.

యాభై దాటిన మనిషి. ఎంత గట్టిదని చెప్పుకున్న తాళాన్నయినా ఒకప్పుడు విప్పి చూపించినవాడు. ఆ తాళాలు చేసిన కంపెనీలే తర్వాత ఆయన్ని పిలిచి కొత్తవి చేయించుకున్నాయి. సముద్రాల అవతల కూడా ఆయన పేరు చెబితే లేచి నిలబడేవాళ్లున్నారని శిష్యులు చెప్పుకుంటారు. ఆయన గదిలో మాత్రం ఆ సంగతి తెలిపే పటం ఒక్కటి కూడా ఉండదు. ఏడు కుర్చీలు, ఒక గోడగడియారం, కింద నూనె మిల్లు నుంచి కిటికీలోకొచ్చే వేరుశనగ వాసన. అంతే.

ఈ విద్యలో పేరు మోసినవాళ్ల కథలన్నీ సింధూరకి కంఠస్థం. పంతొమ్మిదేళ్లకే ఒక దేశంలోని ఫోన్లన్నిటినీ గుప్పిట్లో పెట్టుకున్న కుర్రాడు. వెయ్యిమంది ముందు వేదికెక్కి, ఎక్కడో రోడ్డు మీద పోతున్న కారుని ఆపి చూపించిన అమ్మాయి. వాళ్ల వరసలో తన పేరు ఎప్పుడు చేరుతుందా అని ఎదురుచూసేది. సరిగ్గా అప్పుడే ఆమెకి ఒక తలుపు దొరికింది.

జిల్లాలోనే, గంటన్నర దూరంలో ఉన్న ఒక చిన్న ఊళ్లో హెచ్‌ఐవీ రోగులకి మందులిచ్చే కేంద్రం ఒకటుంది. అక్కడి కంప్యూటర్‌లోకి సింధూర ఇంట్లో కూర్చునే వెళ్లింది. పదకొండు నిమిషాలు పట్టింది. రుజువు కోసం ఒక్క పేజీ దించుకుంది. నలభై మూడు పేర్లు. పక్కనే ఊరు, ఫోను నంబరు, మందులు మొదలుపెట్టిన తేదీ.

ఇంకో పది రోజుల్లో హైదరాబాద్‌లో పెద్ద సభ ఉంది. పేరున్న హ్యాకర్లందరూ వస్తారు. తను మాట్లాడతానని సింధూర ఉత్తరం రాస్తే సభ జరిపేవాళ్లు వెంటనే ఒప్పుకున్నారు. పేర్లు మసక చేసి ఆ పేజీని తెర మీద చూపించమన్నారు.

శుక్రవారం మధ్యాహ్నం మస్తాన్‌వలీ గారు నమాజు నుంచి తిరిగొచ్చి మెట్లెక్కేసరికి సింధూర ఒక్కతే గదిలో ఉంది. తన ల్యాప్‌టాప్ ఆయన బల్ల మీద పెట్టి నిలబడింది.

"సారూ, ఒక తలుపు తీశాను."

"చెప్పు."

చెప్పింది. ఎక్కడ మొదలుపెట్టిందీ, ఎక్కడ దారి మూసుకుపోయిందీ, ఎలా చుట్టూ తిరిగి వెళ్లిందీ. ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని విన్నారు. మధ్యలో ఒకచోట ఆపారు.

"ఆ రెండో మలుపు ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు సారూ. నేనే పట్టుకున్నాను."

"బాగుంది."

మూడేళ్లలో ఆయన ఆ మాట అనడం అది రెండోసారి. సింధూర ఒళ్లు పులకరించింది. ఆ ఊపులోనే ల్యాప్‌టాప్ తెరిచి పేజీని ఆయన వైపు తిప్పింది.

మస్తాన్‌వలీ గారు మొదటి వరస చదవలేదు. కళ్లు దించుకుని లేచారు. కుర్చీని చప్పుడు కాకుండా వెనక్కి తిప్పుకుని, గోడకి ఎదురుగా కూర్చున్నారు.

సింధూరకి అర్థం కాలేదు. "సారూ?"

"మూసెయ్యి."

"ఇది రుజువు సారూ. సభలో పేర్లు కనబడకుండానే చూపిస్తాను."

"లోపల మనుషులున్నారమ్మా."

సింధూర ల్యాప్‌టాప్ మూసింది. ఆయన ఇటు తిరగలేదు. మిగిలిన ఐదుగురు శిష్యులూ వచ్చారు, కూర్చున్నారు, ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. గోడకి ఎదురుగా కూర్చునే ఆయన పాఠం మొదలుపెట్టారు. గంటసేపు, వాళ్లకి వీపు చూపిస్తూ, ఎప్పటి గొంతుతోనే చెప్పారు. ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. సింధూరకి మాత్రం ఆ వీపు తనకే ఏదో చెబుతున్నట్టు అనిపించింది.

అందరూ వెళ్లాక ఆమె గుమ్మం దగ్గర ఆగింది.

"మూసేశాను సారూ. అప్పుడే మూసేశాను."

"నీ పెట్టె మూశావు," అన్నారాయన గోడతోనే.

ఇంటికి వెళ్తూ దారంతా సింధూర కోపంతో ఉడికిపోయింది. పేరు వచ్చేదాకా తాళాలు విప్పినవాడు, వచ్చాక నీతులు చెబుతున్నాడు అనుకుంది. పోనీ ఏం తప్పు చేసింది తను? బయట ఎవరికైనా చూపించిందా, అమ్ముకుందా? ఆయన్ని ఎన్ని రకాలుగా తిట్టుకున్నా, ఆయన కుర్చీ తిప్పుకున్న తీరు మాత్రం కళ్ల ముందు నుంచి పోలేదు. పొరుగింట్లోకి పిలవకుండా వెళ్లి, స్నానం చేస్తున్న మనిషి కనబడితే గబుక్కున మొహం తిప్పుకుంటారే, అలా తిప్పుకున్నారు.

మర్నాడు పొద్దున్నే ఆ కేంద్రం ఉన్న ఊరికి బస్సెక్కింది. కిటికీ పక్కన కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచి, ఆ పేజీని చెరిపెయ్యబోయింది. వేలు ఆగిపోయింది. ఇది లేకపోతే సభలో తన మాట ఎవరూ నమ్మరు. రెండు ఊళ్లు దాటేదాకా వేలు అలాగే ఉంచింది. మూడో ఊళ్లో నొక్కేసింది.

కేంద్రం ఒక పాత ఇంట్లో ఉంది. వసారాలో బెంచీల మీద ఇరవైమంది దాకా కూర్చున్నారు. ఆడవాళ్లు కొంగు ముక్కు దాకా లాక్కున్నారు. మగవాళ్లు మొహానికి తువ్వాళ్లు చుట్టుకున్నారు. లోపలినుంచి ఒక గొంతు నెమ్మదిగా "పదిహేడు" అంది. ఒకావిడ లేచి వెళ్లింది. కాసేపటికి "పద్దెనిమిది" అంది. ఒక తాత లేచాడు. అరగంటసేపు నిలబడి చూసింది సింధూర. ఆ గొంతు ఒక్కరినీ పేరు పెట్టి పిలవలేదు.

ఆ గొంతు సామ్రాజ్యం గారిది. వచ్చినవాళ్లకి ధైర్యం చెప్పి, మందులు ఎలా వేసుకోవాలో చెప్పే కౌన్సిలర్. ఎనిమిదేళ్లుగా అక్కడే ఉన్నారు. సింధూర చెప్పింది వినగానే ఆవిడ లేచి తలుపు దగ్గరికి వేశారు. అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది సింధూరకి.

"ఎవరు చూడమన్నారు నిన్ను?"

"ఎవరూ అనలేదండీ."

"ఎంతమందిని చూశావు?"

"నలభై మూడు."

"ఎవరికి చెప్పావు?"

"ఆ పేర్లు ఎవరికీ చెప్పలేదు. పేజీ కూడా పొద్దున్న బస్సులో తీసేశాను. నా కంప్యూటర్‌లో ఇప్పుడు లేదండీ."

సామ్రాజ్యం గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నీ బుర్రలోంచి తీశావా?"

నలభై మూడింటిలో సింధూర కనీసం ఇరవై పేర్లు ఊళ్లతో సహా చెప్పగలదు. ఆమె జ్ఞాపకశక్తి గురించి కాలేజీలో అందరూ గొప్పగా చెప్పుకునేవారు.

"డాక్టరుగారికి చెప్పాలి. పోలీసులకి కూడా చెప్పాల్సి రావచ్చు," అన్నారు సామ్రాజ్యం గారు.

"చెప్పండి. నేనెక్కడికీ పోను. కానీ ముందు ఆ తలుపు మూసేద్దామండీ. నేను వెళ్లిన దారిన ఇంకొకరు రాకముందే."

ఆవిడ ఆ పిల్ల మొహంలోకి చాలాసేపు చూశారు. తర్వాత కంప్యూటర్ ముందున్న కుర్చీని కాలితో ఇటు తోశారు.

తెరవడానికి పదకొండు నిమిషాలు పట్టిన తలుపు మూయడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ ప్రోగ్రాం రాసిన మనిషి ఎక్కడున్నాడో ఎవరికీ తెలీదు. ఒకే పాస్‌వర్డ్‌ని ఆరుగురు వాడుతున్నారు, ఎందుకంటే ఆ ఆరుగురికీ ఉన్నది ఒక్క కంప్యూటరే. సింధూర రోజూ బస్సులో వచ్చి, వసారాలోవాళ్ల వైపు చూడకుండా తలొంచుకుని లోపలికి వెళ్లి కూర్చునేది. పాస్‌వర్డులు ఎవరివి వాళ్లకి పెట్టింది. ఫార్మసీలో పనిచేసే పెద్దాయనకి కొత్త పద్ధతి పద్నాలుగుసార్లు నేర్పింది. ఆయన పదిహేనోసారి అడిగితే, విసుక్కోకుండా మళ్లీ చెప్పింది. నాలుగో రోజు బయటికెళ్లి, తనకి తెలిసిన దారులన్నిట్లోంచీ లోపలికి రావడానికి చూసింది. రాలేకపోయింది. ఏ తాళం విప్పినప్పుడూ లేనంత సంతోషం కలిగింది.

డాక్టరుగారు గంటసేపు చీవాట్లు పెట్టి, జరిగిందంతా కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నారు. అవసరమైతే పిలుస్తామన్నారు. సింధూర చదివి, ఒకచోట తన తప్పు తక్కువగా రాసి ఉంటే దిద్ది, సంతకం పెట్టింది.

వెళ్లేటప్పుడు సామ్రాజ్యం గారు వసారా దాకా వచ్చారు. "మళ్లీ రా అమ్మాయ్," అన్నారు. "గుమ్మంలోంచి రా."

సభకి వెళ్లింది సింధూర. హాలు నిండుగా ఉంది. వేదికెక్కి, తెర ఖాళీగా ఉంచి, జరిగింది చెప్పింది. ఏ ఊరో చెప్పలేదు, ఏ కేంద్రమో చెప్పలేదు.

ముందు వరసలోంచి ఒకాయన లేచాడు. పేరున్నవాడు. ఆయన గురించి సింధూర ఎన్నోసార్లు చదివింది. "రుజువేదమ్మా?" అన్నాడు నవ్వుతూ.

"చెరిపేశానండీ."

"మరి ఎలా నమ్మాలి?"

"నమ్మకపోయినా ఫర్వాలేదండీ. ఆ తలుపు ఎలా తెరుచుకుందో పది నిమిషాలు చెబుతాను. ఎలా మూశామో ముప్పావుగంట చెబుతాను. ఏది కావాలో మీరే చూసుకోండి."

పది నిమిషాలయ్యాక సగం హాలు లేచి వెళ్లిపోయింది. మిగిలినవాళ్లకి ఆమె తొందర లేకుండా, ఫార్మసీ పెద్దాయనకి చెప్పినట్టే చెప్పింది. దిగాక ఎవరూ ఫొటో అడగలేదు. ఏదో ఊరి ఆసుపత్రిలో రికార్డులు చూసే ఒకావిడ మాత్రం వచ్చి, "మా దగ్గరా ఒకే పాస్‌వర్డమ్మా. ఒకసారి వస్తారా?" అని అడిగింది. సింధూర ఆవిడ నంబరు రాసుకుంది. పత్రికల్లో మర్నాడు సభ గురించి వచ్చింది. ఆమె పేరు రాలేదు. ఆ సంగతి ఆమె సాయంత్రం దాకా చూసుకోనేలేదు.

బందరు తిరిగొచ్చాక మస్తాన్‌వలీ గారి గదికి వెళ్లింది. ఆయన ఒక కీబోర్డు మీటలన్నీ ఊడదీసి చిన్న బ్రష్షుతో దుమ్ము దులుపుతున్నారు. ఈసారి ఇటే తిరిగి కూర్చున్నారు. సింధూర కేంద్రంలో జరిగింది చెప్పింది, సభ గురించి రెండు ముక్కల్లో చెప్పింది. ఆయన తలూపారు.

"సారూ, ఒక్కటి మాత్రం తెలియడం లేదు. ఆ పేర్లు పోవడం లేదు. బస్సులో ఎవరో ఎవరినో పిలిస్తే ఉలిక్కిపడుతున్నాను. వాటినెలా చెరపాలి?"

"చెరగవు," అన్నారాయన. "మోసుకోవాలి."

ఇంకో మీట తీసుకుని దులిపారు. తర్వాత ఆయనే అన్నారు. "ఇంజనీరింగులో రామకోటి అని నా పక్కగది వాడు. ఒకే కంచంలో తిన్నాం. కాలేజీ కంప్యూటర్‌లో ఇంటికి ఉత్తరాలు టైపు చేసుకుని తాళం వేసుకునేవాడు. ఒక మధ్యాహ్నం ఆ తాళం విప్పాను. నేను విప్పిన మొదటి తాళం అదే."

ఈ కథ ఏ శిష్యుడూ చెప్పుకోగా సింధూర వినలేదు.

"ఉత్తరాల్లో ఏముంది సారూ?"

ఆయన తలెత్తి చూశారు. సింధూర నాలుక కరుచుకుంది. తలొంచుకుంది.

"తెలిశాక వాడి మొహంలోకి మామూలుగా చూడలేకపోయాను," అన్నారాయన. "ఎందుకు చూడటం లేదో వాడికి అర్థమైంది. గది మారిపోయాడు. అంతే."

"ఇప్పుడెక్కడున్నారు ఆయన?"

"తెలీదు."

సింధూర ఆయన వైపు చూసింది. భూమ్మీద ఏ మూల దాక్కున్న మనిషినైనా గంటలో పట్టుకోగలడని పేరున్నవాడు.

"మీకు తెలీదా సారూ?"

మస్తాన్‌వలీ గారు మీటని ఊది, దాని చోట్లో పెట్టి, బొటనవేలితో నెమ్మదిగా నొక్కారు.

"వెతకలేదమ్మా," అన్నారు.