పతిరాజుగారు పంపిన దయ్యం

ఆ దిండు ఇలా పడెయ్యి మేఘీ. నువ్వు కాస్త కాళ్ళు ముడుచుకో, తమ్ముడికి చోటు లేదు. ఊ కొట్టడం మానేశారంటే కథ అక్కడే ఆగిపోద్ది, ముందే చెప్తున్నాను.

అనగనగనగా, గోదారి పాయల మధ్యన చిలకలంక అని ఒక ఊరు. ఆ ఊరికో రాజు. రాజంటే కిరీటమూ కత్తీ ఉన్న రాజు కాదర్రా, పేరు చివర రాజు. పతిరాజుగారు. ఆయనకున్నదల్లా ఓ పెద్ద మీసం, కొబ్బరితోట, ఒక బడి. బడీ ఆయనదే, మీసమూ ఆయనదే, మాటా ఆయనదే. ఆయన కోడలు సుహాసిని ఆ బడికి హెడ్మిస్ట్రెస్. ఆవిడకి మీసం లేదు గానీ బుర్ర ఉంది.

ఒక సంవత్సరం పతిరాజుగారు పట్నం వెళ్ళి పెద్ద తరగతుల పిల్లలందరికీ ట్యాబులు తెచ్చారు. పలకంత ఉంటాయి కదూ, అవే. ఊరంతా గొప్పగా చెప్పుకున్నారు. కోడలు మాత్రం, వీటితో ఏం చెయ్యాలో ఏం చెయ్యకూడదో ముందు పిల్లల్ని కూర్చోబెట్టి చెబుదామండీ మామయ్యగారూ అంది. చదువుకునేదానికి మళ్ళీ చెప్పేదేంటమ్మా అని ఆయన కొట్టిపారేశారు.

తొమ్మిదో తరగతిలో లిఖిత అని ఒక పిల్ల ఉండేది. చెడ్డపిల్ల కాదు. చేతులు ఊరుకోవు, అంతే. ఎవరిలాగో నేను చెప్పను, మేఘీ.

బళ్ళో మధ్యాహ్నం భోజనం వండేది నూకరత్నం. ఒకరోజు తలంటుకొచ్చి, వంటయ్యాక సైన్సు ల్యాబు కిటికీ దగ్గర నిలబడి జుట్టు ఆరబెట్టుకుంటోంది. లిఖిత ట్యాబుతో ఫొటో తీసింది. తీసి ఊరుకుందా? చీర తెల్లగా చేసింది, కళ్ళు తెల్లగా చేసింది, రెండు కోరలు పెట్టింది. చూసుకుని పొట్ట పట్టుకుని నవ్వింది. ఎవరికీ చూపించకే అని రాసి స్నేహితురాలు శైలుకి పంపింది.

శైలు ఎవరికీ చూపించొద్దని వాళ్ళన్నకి పంపింది. అన్న ఎవరికీ చూపించొద్దని క్రికెట్ గ్రూపులో పెట్టాడు. క్రికెట్ గ్రూపు నించి కొబ్బరికాయల గ్రూపుకి, కొబ్బరికాయల గ్రూపు నించి భజన గ్రూపుకి, భజన గ్రూపు నించి పెళ్ళిసంబంధాల గ్రూపుకి. వెళ్ళినచోటల్లా దయ్యం ఎదుగుతోంది. శైలు దగ్గర కోరలే. క్రికెట్ గ్రూపుకొచ్చేసరికి పాదాలు వెనక్కి తిరిగాయి. కొబ్బరికాయల గ్రూపులో ఒక మేకని తినేసింది. భజన గ్రూపులో ఇద్దరు పిల్లల్ని తినేసింది. ఏ పిల్లల్ని అని ఒక్కళ్ళూ అడగలేదు. ఊళ్ళో పిల్లలందరూ ఎవరింట్లో వాళ్ళు శుభ్రంగా ఇడ్లీలు తింటూనే ఉన్నారు.

ఊ కొడుతున్నారా? నవ్వుతున్నారు గానీ, అవతల నూకరత్నం సంగతి వినండి.

కోరలు పెట్టినా మొహం మొహమే కదా. జనం పోల్చేశారు. ఈవిడ మీదకి దయ్యం వస్తోందన్నారు. ఆవిడ వడ్డించబోతే పిల్లలు కంచాలు వెనక్కి లాక్కున్నారు. అన్నం గుండిగలోనే మిగిలిపోయింది. కొట్టుకెళితే కొట్టతను సరుకు చేతికివ్వకుండా బల్లమీద పెట్టి తోశాడు. పక్కింటావిడ చంటిదాన్ని కొంగులో దాచేసుకుంది. ఆ చంటిది పుట్టినప్పుడు నీళ్ళు పోసింది నూకరత్నమే. నేను మానేస్తానండి అమ్మగారూ, నా చేతి అన్నం ఎవరూ తినట్లేదు అని సుహాసినితో చెప్పింది. ఏడవలేదు. గరిటె కడిగి పక్కనపెట్టి చెప్పింది.

పతిరాజుగారు మీసం దువ్వారు. ట్యాబులన్నీ బీరువాలో పెట్టించి తాళం వేయించారు. ఆ బొమ్మ పంపినవాళ్ళెవరో తేలితే ఆ రోజే టీసీ చేతిలో పెట్టి బళ్ళోంచి పంపేస్తానన్నారు. ట్యాబులు బీరువాలో పడుకున్నాయి. దయ్యం మాత్రం ఊళ్ళో తిరుగుతూనే ఉంది.

అప్పుడు సుహాసిని పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ బడి హాల్లోకి పిలిపించింది. నూకరత్నాన్ని తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుంది. పతిరాజుగారు లేచి, పంపినవాళ్ళకి టీసీయే, నా మాటకి తిరుగులేదన్నారు.

"అలాగేనండీ మామయ్యగారూ," అంది కోడలు. "ఎవరికి ఎవరు పంపారో అడుక్కుంటూ వెనక్కి వెళితే మొదలు దొరుకుతుందండి. మీ ఫోను ఒకసారి ఇస్తారా?"

"నాదెందుకమ్మా?"

"పెద్దవారు కదండీ. మీతో మొదలెడితే మర్యాద."

అంతమంది ముందు ఇవ్వక ఏం చేస్తారు, ఇచ్చారు. కోడలు చూసి పైకి చదివింది. పతిరాజుగారు ఆ బొమ్మని ఏడు గ్రూపులకి పంపారు. కింద దణ్ణం పెట్టే చేతుల గుర్తు పెట్టి, నేను స్వయంగా చూశాను, జాగ్రత్త అని రాశారు.

హాల్లో అందరి జేబుల్లో, సంచుల్లో బొటనవేళ్ళు గబగబా కదులుతున్నాయి, ఎవరు పంపింది వాళ్ళు చెరిపేసుకోవడానికి.

"స్వయంగా ఎక్కడ చూశారండీ?"

"ఫోన్లోనమ్మా," అన్నారాయన మీసం లోపలినించి.

అందరూ నవ్వారు. నూకరత్నం నవ్వలేదు.

మీకెవరు పంపారండీ అంటే కొబ్బరికాయల అబ్బులు అన్నారు. అబ్బులు క్రికెట్ కుర్రాళ్ళన్నాడు. క్రికెట్ కుర్రాళ్ళు శైలు వాళ్ళన్న పేరు చెప్పారు. వాళ్ళన్నేమో శైలు అన్నాడు. శైలు నోరు తెరిచేలోపు లిఖిత తనే లేచింది.

"నేనే చేశానండి."

"ఎందుకు చేశావు తల్లీ?" అంది నూకరత్నం.

"నవ్వొస్తుందనండి."

"వచ్చిందా?"

"మొదట వచ్చిందండి. అందరూ కంచాలు లాక్కుంటుంటే రాలేదండి. అప్పుడే చెబుదామనుకున్నాను. భయమేసింది."

ఆ పిల్ల ఇంక ఆగలేక ఏడ్చేసింది. వెనకనించి ఎవరో, మరి టీసీ అన్నారు. తప్పకుండా ఇద్దామండీ అంది సుహాసిని. బొమ్మ చేసినందుకు ఈ పిల్లకొకటి, ఏడు గ్రూపులకి పంపినందుకు మామయ్యగారికి ఏడు, మిగతావాళ్ళు వరసలో నిలబడితే మీవీ రాసేస్తాను అంది. వరసలోకి ఒక్కళ్ళూ రాలేదు.

మరేం చేద్దాం నూకరత్నం అని అడిగితే, పిల్లని బడి మానిపించకండమ్మగారూ, బొమ్మ ఎక్కడెక్కడికి వెళ్ళిందో అక్కడికల్లా నిజం కూడా వెళ్ళాలి, నాకదే కావాలి అందావిడ.

అదే చేశారు. ఎవరు ఎన్నిచోట్లకి పంపారో అన్నిచోట్లకీ, అది అబద్ధం, ఆలోచించకుండా పంపాను, క్షమించండని సొంత గొంతుతో చెప్పి పంపారు. పతిరాజుగారికి చివరి గ్రూపుకొచ్చేసరికి గొంతు బొంగురుపోయింది. ఫోన్లు లేని ఇళ్ళకి కూడా దయ్యం నోటిమాటగా వెళ్ళింది కదా, అక్కడికి లిఖిత, శైలు నడిచివెళ్ళారు. కొందరు చీవాట్లు పెట్టారు, కొందరు మజ్జిగిచ్చారు. ఒక ముసలావిడ ఎంత చెప్పినా వినదే. మరి మేకని తిన్న సంగతేంటే అంది. పంపడం చిటికెలో పని నాన్నా, వెనక్కి తేవడానికి కాళ్ళు అరిగిపోయాయి ఆ పిల్లలకి.

ఆ తరవాత ట్యాబులు బీరువాలోంచి బయటికొచ్చాయి. నియమాలు పిల్లల చేతే రాయించింది సుహాసిని. అడక్కుండా ఎవరి ఫొటో తియ్యకూడదు. ఎదురుగా అనలేని మాట ఫోన్లో అనకూడదు. నిజమో కాదో తెలీనిది నీ దగ్గరే ఆగిపోవాలి. తప్పు చేస్తే దాచకుండా టీచరుకి చెప్పాలి, అలా చెప్పినవాళ్ళని బళ్ళోంచి తరమకూడదు. ఈ చివరిది లిఖిత అడిగి పెట్టించింది. కింద పతిరాజుగారూ సంతకం పెట్టారు.

నూకరత్నం మళ్ళీ గరిటె పట్టింది. ఆ రోజు పిల్లలతోపాటు పంక్తిలో కూర్చుని పతిరాజుగారు మారు మారు పప్పుచారు పోయించుకున్నారు.

ఇక కోడలికి కొత్త కష్టం వచ్చిపడింది. ఆయన ఫోను టింగుమంటే చాలు, తరగతి గుమ్మంలో ప్రత్యక్షం.

"అమ్మాయ్, ఇది పంపొచ్చా?"

"అది గులాబీపువ్వండీ మామయ్యగారూ. కింద శుభోదయం అని రాసుంది."

"నిజమేనంటావా?"

ఆవిడ కిటికీలోంచి ఎండ చూసి, "ఉదయమేనండీ, పంపుకోండి," అనేది.

అదర్రా సంగతి. నవ్వించండి, నవ్వండి. ఎవర్ని చూసి నవ్వుతున్నారో వాళ్ళకీ నవ్వు రావాలి, అంతే. వేలు నొక్కేముందు ఒక్కసారి వాళ్ళ మొహం తలుచుకోండి.

ఇంక కథ కంచి బస్సెక్కేసింది. మనం దుప్పట్లో దూరదాం.